ఊరు ఖాళీ కావడానికి ఎంతసేపు? లెక్క చెప్పగలిగితే కొలువు

2018 అక్టోబరు 11న తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర మధ్య తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకు 140 నుంచి 150 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. చెట్లు, కరెంటు స్తంభాలు అడ్డంగా పడి దారులు మూసుకుపోయాయి. ఇలాంటి తుపాను వస్తోందని తెలిశాక వజ్రపుకొత్తూరులోనో కవిటిలోనో ఉన్న తహసీల్దారు ముందుగా తేల్చుకోవాల్సింది ఒకటుంది. సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్లు ఖాళీ కావడానికి ఎన్ని గంటలు పడుతుంది? గాలి ముదరక ముందే ఆఖరి బస్సు వెళ్లిపోవాలంటే మొదటి బస్సు ఎప్పుడు కదలాలి?

ఇలాంటి ప్రశ్నకు సాధారణంగా అనుభవమే జవాబు చెబుతుంది. దాన్ని తక్కువ చేయనక్కర్లేదు. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మృతులు పదుల్లోనే ఉన్నారు. జనాన్ని ముందే తరలించడం అందుకు పెద్ద కారణం. అయితే అనుభవం ఉన్న అధికారి బదిలీ అయితే ఆ అనుభవమూ ఆయనతోపాటే వెళ్లిపోతుంది. లెక్క కాగితం మీద ఉంటే తర్వాత వచ్చినవారికీ పనికొస్తుంది. ఆ లెక్క కట్టే విద్యే ట్రాఫిక్ మోడలింగ్, తరలింపు ప్రణాళిక. కూడలిలో సిగ్నల్‌కు ఎన్ని సెకన్లు ఇవ్వాలన్నా, గుడి ప్రాంగణంలోంచి భక్తులు ఎన్ని నిమిషాల్లో బయటపడతారన్నా, ఊరు ఎన్ని గంటల్లో ఖాళీ అవుతుందన్నా ఈ విద్య అడిగేది ఒకటే: ఎంతసేపు?

శ్రీకాకుళం, విజయనగరం విద్యార్థులు ఈ రంగం వైపు చూడాలని గట్టిగా చెబుతున్నానంటే కారణం ఉంది. సాఫ్ట్‌వేర్‌ను పట్టుదల ఉన్నవాళ్లు ఎక్కడున్నా నేర్చుకుంటారు. పడవను, వలలను వదిలి మత్స్యకారుడు ఎప్పుడు కదులుతాడో తెలియాలంటే మాత్రం ఆ తీరంలో పుట్టి పెరగాలి, లేదా కనీసం ఆ వాకిళ్లలో కూర్చుని మాట్లాడగలగాలి.

బయలుదేరడంలోనే ఆలస్యం

తీరంలో ఒక ఊరు ఉందనుకుందాం. 400 గడపలు, 1,500 మంది జనం. 700 మంది నడిచే తుపాను షెల్టర్‌కు చేరగలరు. 200 మంది సొంత బండ్ల మీద బంధువుల ఊళ్లకు పోతారు. మిగిలిన 600 మందికి బస్సులు కావాలి. ఆర్టీసీ నాలుగు బస్సులు పంపింది. బస్సుకు 50 మంది చొప్పున మూడు ట్రిప్పులు. ముసలివాళ్లను, చంటిపిల్లలను, మూటాముల్లెను ఎక్కించడానికి 18 నిమిషాలు, పునరావాస కేంద్రానికి చేరడానికి 12, దించడానికి 8, తిరిగి రావడానికి 12. వెరసి ట్రిప్పుకు 50 నిమిషాలు. ఆఖరి ట్రిప్పులో తిరుగు ప్రయాణం లెక్కలోకి రాదు కాబట్టి మొత్తం 138 నిమిషాలు.

ఇంతవరకు పదో తరగతి లెక్క. అసలు పని ఇక్కడ మొదలవుతుంది. చాటింపు వేసిన నిమిషంలో 600 మందీ బస్సు దగ్గరికి వచ్చి నిలబడరు. కొందరు వెంటనే వస్తారు. ఎక్కువ మంది ఎదురింటివాళ్లు కదిలాక కదులుతారు. ఆవును ఎక్కడ కట్టాలో, మేకల్ని ఎవరికి అప్పగించాలో తేలేదాకా కొందరు గడప దాటరు. పడవ ఒడ్డుకు లాగి, ఇంజిను విప్పి, వలలు భద్రం చేసుకుంటే తప్ప మగవాళ్లకు మనసొప్పదు. బయలుదేరినవారి సంఖ్యను గంటగంటకూ గ్రాఫు మీద పెడితే గీత మొదట్లో నెమ్మదిగా, మధ్యలో జోరుగా, చివర్లో మళ్లీ నెమ్మదిగా పైకి లేస్తుంది. జనం కదలడానికే ఐదు గంటలు పట్టే ఊళ్లో నాలుగు బస్సులకు బదులు ఎనిమిది పెట్టినా ఒరిగేది పెద్దగా ఉండదు. ఆ సంగతి ముందే తెలిస్తే కలెక్టరు అదనపు బస్సుల కోసం వెతకరు. పడవలు లాగడానికి ముందురోజే మనుషుల్ని పంపుతారు, పశువులకు మెరక మీద చోటు చూపిస్తారు. మోడల్‌తో ఒరిగే మేలు ఇదే.

కుటుంబాలు ఎప్పుడు కదులుతాయి, ఎక్కడికి వెళ్తాయి, దేని మీద వెళ్తాయి అన్నదే ఇప్పుడు ఒక పెద్ద పరిశోధనాంశం. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఆచార్య సతీశ్ ఉక్కుసూరి, ఆయన సహ పరిశోధకులు హరికేన్ల విషయంలో ఈ పని చేశారు. అక్కడి కష్టం వేరు. 2005 సెప్టెంబరులో రీటా హరికేన్ వస్తోందని హ్యూస్టన్ పరిసరాల నుంచి లక్షలాది మంది ఒకేసారి కార్లలో రోడ్డెక్కారు. గంటల తరబడి బండ్లు కదల్లేదు. గాలివాన కంటే ఆ తరలింపు సమయంలో పోయినవాళ్లే ఎక్కువ. మన తీరంలో కార్లు తక్కువ కాబట్టి ఆ మోడల్‌ను యథాతథంగా తెచ్చుకుంటే పనికిరాదు. సోంపేట, మందస వైపు సముద్రపు ఒడ్డు నుంచి లోపలికి రావాలంటే హౌరా–చెన్నై రైలు మార్గం దాటాలి, ఆపైన 16వ నంబరు జాతీయ రహదారి. గేటు పడితే ఎంతసేపు? దారిలో ఒక్క కొబ్బరిచెట్టు పడితే చుట్టుదారి ఏది? దారుల అల్లికలో గంటకు గరిష్ఠంగా ఎంతమంది బయటపడగలరో కనిపెట్టే పద్ధతిని 1956లోనే ఫోర్డ్, ఫల్కర్సన్ చూపించారు. కంప్యూటర్ సైన్స్ విద్యార్థులు దాన్ని అల్గారిథమ్స్ పేపర్లో చదివి, పరీక్ష రాసి మరిచిపోతారు. మరిచిపోకండి.

సిగ్నల్ వెనక సూత్రం

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి దగ్గరో, విజయనగరంలో ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గరో సాయంత్రం ఓ గంట నిలబడితే ఈ సబ్జెక్టుకు కావాల్సిన ముడిసరుకు కళ్లముందు కనిపిస్తుంది. కాగితం మీద గళ్లు గీసి, ఒక్కో దారి నుంచి వచ్చే బండ్లను పావుగంటకోసారి విడివిడిగా లెక్కేస్తారు. బండ్లన్నీ ఒక్కలాంటివి కావు కాబట్టి కారును 1గా తీసుకుని మిగతావాటిని దాంతో పోలుస్తారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పట్టణ రోడ్లకు ఇచ్చిన పట్టికలో రెండు చక్రాల బండి 0.5 నుంచి 0.75, ఆటో 1.2 నుంచి 2, బస్సు 2.2 నుంచి 3.7.

సిగ్నల్ ఒక చుట్టు తిరగడానికి ఎన్ని సెకన్లు ఉండాలన్నదానికి వెబ్‌స్టర్ 1958లో ఇచ్చిన సూత్రాన్ని ఇప్పటికీ పాఠంగా చెబుతారు. రంగు మారేటప్పుడు వృథా అయ్యే సెకన్లను ఒకటిన్నరతో హెచ్చించి, 5 కలపాలి. ప్రతి దశలోనూ బాగా రద్దీగా ఉన్న దారికి దాని సామర్థ్యంలో ఎంత వంతు బండ్లు వస్తున్నాయో చూసి, ఆ వంతుల మొత్తాన్ని 1 నుంచి తీసేయాలి. మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. వృథా 12 సెకన్లు, వంతుల మొత్తం 0.7 అయితే జవాబు సుమారు 77 సెకన్లు. మొత్తం 0.85కు పెరిగితే 153. రద్దీ అయిదో వంతు పెరిగితే చుట్టు సమయం రెట్టింపయింది! పండగ రోజుల్లో కూడలి ఉన్నట్టుండి బిగుసుకుపోవడానికి కారణం ఇక్కడుంది. ఇక వరస పాటించని మన బండ్లను కంప్యూటర్లో చూపించడం ఇంకో తలనొప్పి. విదేశీ మోడళ్లు బండి తన లేన్‌లోనే నడుస్తుందని నమ్ముతాయి. మన స్కూటరు బస్సుకు, ఆటోకు మధ్య సందు కనిపిస్తే దూరిపోతుంది. ఈ తేడా మీద పనిచేసేవాళ్లకు దేశంలో గిరాకీ ఉంది. 2017లో కేంద్ర రహదారి పరిశోధనా సంస్థ మన రోడ్ల సామర్థ్యంపై ప్రత్యేకంగా మాన్యువల్ తెచ్చింది కూడా ఇందుకే.

గుడి, జాతర, ఫ్యాక్టరీ

2025 నవంబరు 1న కార్తీక ఏకాదశి నాడు కాశీబుగ్గ వేంకటేశ్వరస్వామి ఆలయంలో తొక్కిసలాట జరిగి 9 మంది ప్రాణాలు పోయాయి. వెళ్లేవారికీ వచ్చేవారికీ ఒకే దారి. ఈ శాస్త్రంలో మొదటి పాఠం చదివినవాళ్లెవరైనా ముందురోజు చూసి ఉంటే వద్దని చెప్పేవారు. మీటరు వెడల్పున్న దారిలోంచి ఒకే దిశలో, తోపులాట లేకుండా సెకనుకు సుమారు 1.3 మంది వెళ్లగలరు. రెండు మీటర్ల ద్వారమైతే నిమిషానికి 150 మంది పైచిలుకు. ఎదురు జనం వస్తే ఆ లెక్క కూలిపోతుంది. చదరపు మీటరుకు నలుగురు దాటితే జాగ్రత్తపడాలి. ఆరుగురు దాటాక మనిషి తన ఇష్టప్రకారం అడుగు వేయలేడు. జనసమ్మర్దం ఉండేచోట్ల ఏం చేయాలో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2014లోనే ఒక మార్గదర్శక గ్రంథం ఇచ్చింది. చదివి అమలుచేసే మనుషులే చాలినంతమంది లేరు.

అరసవిల్లి రథసప్తమి, విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం. ప్రాజెక్టు కోసం వెతికే విద్యార్థికి ఇంతకంటే మంచి అంశాలు దొరకవు. విజయదశమి తర్వాతి మంగళవారం చింతమానుతో చేసిన సిరిమాను మూడు లాంతర్ల దగ్గరి చదురుగుడికీ కోటకూ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. రోజు తెలుసు, దారి తెలుసు, చుట్టూ సందులు తెలుసు. ఏ సందులోంచి ఎంతమంది వస్తారో, ఉత్సవం ముగిశాక అంతా ఒకేసారి కాంప్లెక్స్ వైపు కదిలితే ఎక్కడ ఇరుక్కుంటారో మోడల్ కట్టి చూపిస్తే, అదే మీ రెజ్యూమేలో మొదటి వాక్యం.

ఫ్యాక్టరీల మాట చాలామందికి తట్టదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ వాయువు లీకై 12 మంది చనిపోయారు. నిద్రలోంచి లేచినవాళ్లకు ఎటు పరుగెత్తాలో తెలియలేదు. ప్రమాదకర రసాయనాలు పెద్ద మొత్తంలో వాడే పరిశ్రమలకు గేటు లోపలి అత్యవసర ప్రణాళిక యాజమాన్యమూ, గేటు బయటి ప్రణాళిక జిల్లా యంత్రాంగమూ తయారు చేయాలని 1989 నాటి నిబంధనలే చెబుతున్నాయి. రణస్థలం మండలం పైడిభీమవరంలో ఔషధ పరిశ్రమలున్నాయి. అదే మండలంలోని కొవ్వాడలో అణు విద్యుత్ కేంద్రం ప్రతిపాదన ఉంది. దాని మంచిచెడ్డల చర్చ వేరే, కట్టడమంటూ జరిగితే చుట్టుపక్కల ఊళ్ల తరలింపు లెక్కలు తప్పనిసరి. ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా చేసినవారు దీనికి తోడు తరలింపు లెక్క నేర్చుకుంటే పక్కవాడికన్నా ఒక మెట్టు పైన ఉంటారు.

ఏం చదవాలి?

ఇంటర్ ఎంపీసీ వాళ్లకు రెండు దారులు. ఒకటి బీటెక్ సివిల్ లేదా కంప్యూటర్ సైన్స్. ఇది విజయనగరం జేఎన్టీయూ గురజాడలోనో, రాజాం, టెక్కలి కళాశాలల్లోనో ఇంటికి దగ్గరగానే చదవొచ్చు. రెండోది బి.ప్లానింగ్. విజయవాడ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్‌లో ఉంది, జేఈఈ మెయిన్‌లో ప్లానింగ్ పేపర్ రాయాలి. ఆ పేపర్ ఉందని కూడా తెలియని పిల్లలు మన జూనియర్ కాలేజీల్లో ఎందరో. పాలిటెక్నిక్ సివిల్ వాళ్లు ఈసెట్ ద్వారా బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. పీజీలో ట్రాన్స్‌పోర్టేషన్ ఇంజినీరింగ్‌కు వరంగల్ ఎన్ఐటీకి, ఐఐటీలకు మంచి పేరుంది. గేట్ ద్వారా ఎంటెక్‌లో చేరినవారికి నెలకు రూ.12,400 ఉపకార వేతనం వస్తుంది. డిగ్రీలో గణితం, స్టాటిస్టిక్స్ చదివినవాళ్లు నిరాశపడొద్దు. జీఐఎస్ నేర్చుకుంటే వారికీ చోటుంది. డెహ్రాడూన్‌లోని ఇస్రో సంస్థ ఐఐఆర్ఎస్ ఆన్‌లైన్ కోర్సులు ఉచితం.

సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పోయనక్కర్లేదు. జర్మనీ అంతరిక్ష సంస్థ డీఎల్ఆర్ తయారుచేసిన సుమో ఉచితం (టాటా సుమో అనుకునేరు!). దాంట్లో బండ్లు లేన్‌లు విడిచి పక్కపక్కన దూరేలా చూపించే వీలు కూడా ఉంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి మీ పట్టణం పటం దించుకోండి, క్యూజీఐఎస్‌లో సరిదిద్దుకోండి, పైథాన్ కాస్త నేర్చుకోండి. ఐఐటీ ఆచార్యుల ట్రాఫిక్ ఇంజినీరింగ్ పాఠాలు ఎన్‌పీటెల్‌లో ఉన్నాయి. ఇవన్నీ ఉచితంగా దొరుకుతుంటే సిమ్యులేషన్ సర్టిఫికెట్ పేరిట వేలకు వేలు గుంజే కోర్సుల జోలికి వెళ్లకపోవడమే మంచిది.

ఉద్యోగాల సంగతి దాపరికం లేకుండా చెప్పాలి. తరలింపు మోడలర్ అనే పేరుతో ప్రభుత్వ నోటిఫికేషన్ వస్తుందని ఎదురుచూడకండి. రైట్స్ వంటి ప్రభుత్వ రంగ సంస్థలు, హైదరాబాద్, బెంగళూరుల్లోని రవాణా కన్సల్టెన్సీలు, పట్టణాభివృద్ధి సంస్థలకు మాస్టర్ ప్లాన్లు రాసిచ్చే కంపెనీలు, రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ, పరిశోధన ప్రాజెక్టులు. వీటిలో ట్రాన్స్‌పోర్ట్ ప్లానర్, జీఐఎస్ అనలిస్ట్, డిజాస్టర్ మేనేజ్‌మెంట్ కన్సల్టెంట్ వంటి పేర్లతో పని ఉంటుంది. మొదట్లో ఎండలో నిలబడి బండ్లు లెక్కించడం, ఇంటింటికీ తిరిగి సర్వే చేయడం తప్పదు. కొన్ని కొలువులు కాంట్రాక్టు మీదే. ఏసీ గదిలో కోడింగ్ మాత్రమే కావాలనుకునేవారికి ఇది నచ్చదు. ఇచ్ఛాపురం వైపు పిల్లలకు తెలుగుతోపాటు ఒడియా కూడా వస్తే సర్వే పనుల్లో అది పెద్ద ఆస్తి. సరిహద్దు అవతల గంజాం జిల్లాలోని వెంకటరాయ్‌పూర్‌ను యునెస్కో సంస్థ 2020లో సునామీకి సిద్ధంగా ఉన్న ఊరుగా గుర్తించింది. ఆ స్థాయి కసరత్తు మన తీరంలో ప్రతి ఊరికీ కావాలి. 2005 విపత్తు నిర్వహణ చట్టం ప్రకారం ప్రతి జిల్లాకూ ఒక ప్రణాళిక ఉండాలి, దాన్ని ఏటా సమీక్షించాలి. మీరు కట్టిన లెక్కను కలెక్టరేట్‌లో చూపించడానికి అంతకంటే మంచి సందర్భం దొరకదు.

గేట్ పరీక్ష ఏటా ఫిబ్రవరిలో ఉంటుంది. దరఖాస్తులు అంతకు ముందు ఏడాది ఆగస్టు, సెప్టెంబరుల్లో తీసుకుంటారు. బీటెక్ మూడో ఏడాది వాళ్లూ రాయొచ్చు. ఆఖరి ఏడాది దాకా ఆగకుండా ఒకసారి రాసి చూడండి.