ముందు నేల చూడండి, తర్వాత చైన్

ప్రొద్దుటూరులో బంగారం కొనేవాళ్లను గమనించండి. హాల్‌మార్కు ముద్ర చూస్తారు. తూకం అంకె నిలిచేదాకా కళ్లు తిప్పరు. తరుగెంత అని అడుగుతారు, మజూరీ తగ్గించమంటారు, నచ్చకపోతే పక్క అంగడికి పోతారు. అదే మనిషి స్పేర్ పార్టుల అంగడికి వెళ్తే మాత్రం ఒక్క ప్రశ్న కూడా వేయడు. "ఇదే తీస్కపోప్పా, అందరూ ఇదే ఏసుకుంటాండారు" అని కౌంటర్ అవతలి అన్న చెప్పగానే డబ్బులు ఇచ్చేస్తాడు. వివేకం ఉన్న మనిషే. దాన్ని ఎక్కడెక్కడ వాడాలో అలవాటు చేసుకోలేదు, అంతే. ఆ అలవాటు పెంచుకోవడానికి క్వాడ్ బైక్ చైన్, దాన్ని తిప్పే పళ్ల చక్రాలైన స్ప్రాకెట్లు మార్చే పని చాలా మంచి అవకాశం. పని చిన్నది, ఫలితం నెలల్లోనే కళ్లకు కనిపిస్తుంది.

"అందరూ" అన్నారు కదా, వాళ్లంతా ఎక్కడ నడుపుతున్నారు? తారు రోడ్డు మీద బైకు నడిపేవాడి అవసరం వేరు, తోటలో గట్ల మీద నాలుగు చక్రాల బండి తిప్పేవాడి అవసరం వేరు. మన కడప జిల్లాలోనే ఒక మూల నేల ఇంకో మూల నేలలా ఉండదు. ఎదుటివాడి అనుభవం వినండి, కాదనను. కానీ అతని నేల మీ నేల అవునో కాదో అడిగిన తర్వాతే దాన్ని లెక్కలోకి తీసుకోండి.

జమ్మలమడుగు నుంచి గండికోట వైపు వెళ్తే నేల ఎర్రగా, రాళ్లతో నిండి ఉంటుంది. పెన్న కోసుకుంటూ పోయిన ఆ లోయ గోడలు క్వార్ట్జైట్ రాయివి. భూగర్భ శాస్త్రవేత్తలు ఆ పొరకు గండికోట క్వార్ట్జైట్ అనే పేరే పెట్టారు. ఆ రాయి అరిగి వచ్చే పొడిలో ఉండేది స్ఫటికం. గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలబద్ద మీద దాని స్థానం 7. మామూలు ఇనుము అంతకంటే మెత్తన. అంటే అక్కడ లేచే ప్రతి ధూళి మేఘమూ మీ చైన్‌ను కోసే పొడే. పైన ఆయిలు జిడ్డు ఉంటే ఆ పొడి అంటుకుని గీరుడు పేస్టుగా మారుతుంది. కడప బండల పొడి కూడా దుమ్మే, కానీ అది సున్నపురాయి. దాని గట్టిదనం 3 దగ్గరే ఉంటుంది కాబట్టి ఇనుమును అంతగా గీరదు. కంటికి రెండూ ఒకే దుమ్ములా కనిపిస్తాయి, బండికి చేసే హానిలో మాత్రం చాలా తేడా ఉంది. గండికోటలో కోట రక్షిత కట్టడం, లోపల బండి తిప్పే ఆలోచన పెట్టుకోవద్దు. నేను చెబుతున్నది చుట్టుపక్కల సొంత పొలాల్లో, అనుమతి ఉన్న చోట నడిపేవాళ్లకు. చాలా క్వాడ్‌లకు రోడ్డు రిజిస్ట్రేషన్ ఉండదు, ఆ సంగతీ మరవొద్దు.

ప్రొద్దుటూరు చుట్టూ నల్లరేగడిలో సమస్య ఇంకో రకం. వాన పడితే ఆ మట్టి స్ప్రాకెట్ పళ్ల మధ్య కూరుకుపోతుంది. చైన్ పంటి అడుగుదాకా దిగలేక బిగుసుకుంటుంది. అక్కడ మట్టి బయటికి జారడానికి గాడులు, రంధ్రాలు ఉన్న వెనక స్ప్రాకెట్ మేలు. పులివెందుల అరటి, చీనీ తోటల్లో తడి ఎక్కువ, ఎరువుల ఉప్పు ఎక్కువ. అక్కడ తుప్పే అసలు శత్రువు. నడిపాక నీళ్లతో కడిగి, ఆరబెట్టి, నూనె పెట్టేవాడి చైన్ బతుకుతుంది.

నేల తెలిసింది. ఇప్పుడు మీ బండి చైన్ మీద చెక్కిన అంకె చదవండి. 420, 428, 520 లాంటిది ఉంటుంది. మొదటి అంకె పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం, అంగుళంలో ఎనిమిదో వంతుల్లో. 4 అంటే అర అంగుళం, 12.7 మిల్లీమీటర్లు. 5 అంటే 15.875 మిల్లీమీటర్లు. తర్వాతి రెండు అంకెలు వెడల్పును చెబుతాయి. పిల్లల చిన్న క్వాడ్‌లలో 420, 428 ఎక్కువగా కనిపిస్తాయి. పెద్ద స్పోర్ట్స్ క్వాడ్‌లలో సాధారణంగా 520. క్వాడ్ సామాను మన ఊళ్లలో దొరకదని నిరాశపడొద్దు. 428 మన 150 సీసీ బైకుల్లో చాలావాటికి వచ్చేదే. కేటీఎం డ్యూక్ 390కి వచ్చేది 520. మంచి కంపెనీ చైన్ కొని, లింకులు లెక్కపెట్టి కోయించుకోవచ్చు. కోయంబత్తూరు ఎల్‌జీబీ వాళ్ల రోలాన్, జపాన్ డీఐడీ లాంటి పేర్లు మెకానిక్కులందరికీ తెలిసినవే. నకిలీ ఉంటుంది కాబట్టి బిల్లు అడగండి. బిల్లు అడగడానికి మొహమాటపడేవాడు జీతం పెంచమని కూడా అడగలేడు.

స్ప్రాకెట్ మాత్రం అలా కుదరదు. బోల్టు రంధ్రాలెన్ని, వాటి మధ్య దూరమెంత, నడిమి రంధ్రం కొలత ఎంత అన్నది పాతదానితో సరిపోవాలి. దొరకలేదని లేతు షాపులో పళ్లు కోయించుకునేవాళ్లున్నారు. ఆకారం సరిగ్గానే వస్తుంది. కానీ గట్టిపరచని మెత్తటి ఇనుము అయితే గండికోట పొడికి తొందరగా లొంగిపోతుంది. పంటి మీద ఆకురాయి పెట్టి ఒకసారి రాయండి. జారితే గట్టిపరిచినది, కోసుకుపోతే మెత్తనిది. అల్యూమినియం స్ప్రాకెట్ తేలిక, చూడ్డానికి మెరుపు. పందెం నడిపేవాళ్లకు అది సరే. సరదాకు నడిపి ఎక్కువకాలం మన్నాలనుకునేవాళ్లు వెనక కూడా ఉక్కే తీసుకోవాలి. మెరుపు కోసం కొన్న వస్తువు మీద మనసు మెరుపు ఉన్నన్నాళ్లే నిలుస్తుంది.

చైన్‌లో కూడా రెండు రకాలు, మామూలువి, రింగులున్నవి. 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ బుష్ రోలర్ చైన్‌ను రూపొందించిన నాటి నుంచీ అరుగుదల జరిగే చోటు ఒకటే, పిన్నుకూ దాన్ని చుట్టి ఉండే గొట్టం లాంటి బుష్షుకూ మధ్య. మనం "చైన్ సాగింది" అంటాం. నిజానికి ఉక్కు సాగదు, చైన్‌లోని పిన్నులన్నీ తలా కొంచెం అరుగుతాయి. ఓ రింగ్, ఎక్స్ రింగ్ చైన్లలో ఆ చోట గ్రీజు పెట్టి చిన్న రబ్బరు రింగులతో మూసేస్తారు. పొడి లోపలికి పోదు, గ్రీజు బయటికి రాదు. ధర ఎక్కువ, కొంచెం వెడల్పు కూడా ఎక్కువ. కవర్‌కు తగులుతుందేమో చూసుకోవాలి. స్ఫటికం పొడిలో తిరిగే బండికి నేనైతే రెండో ఆలోచన లేకుండా రింగ్ చైనే చెబుతాను.

ధర ఎక్కువ అన్నాను కదా, దాన్ని లెక్క వేయడం నేర్చుకోండి. వెయ్యి రూపాయల సెట్టు యాభై గంటలు నడిచింది అనుకుందాం, గంటకు ఇరవై. రెండున్నర వేల సెట్టు రెండు వందల గంటలు నడిచింది అనుకుందాం, గంటకు పన్నెండున్నర. పైగా మధ్యలో మూడుసార్లు విప్పి బిగించే కూలీ, పోయిన ఆదివారాలు మిగులుతాయి. జేబులోంచి ఇవాళ ఎంత పోయిందన్నది ఒక లెక్క, వాడుకున్న ప్రతి గంటకూ ఎంత పడిందన్నది ఇంకో లెక్క. రెండో లెక్క వేసే కుర్రాడు చెప్పులు కొన్నా, కోర్సులో చేరినా, పంపుసెట్టు కొన్నా తొందరపడడు.

ఇక పళ్ల సంఖ్య. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు, ఇక్కడే అసలు ఆలోచన అవసరం. ముందు 14, వెనక 38 పళ్లున్న బండి ఎగువకు ఎక్కలేకపోతోంది అనుకోండి. రెండు దారులున్నాయి. ముందు 13 వేయొచ్చు, లేదా వెనక 41 వేయొచ్చు. భాగించి చూడండి, రెండింటికీ నిష్పత్తి 2.92, 2.93 దగ్గరే వస్తుంది. లాగే బలం ఒకేలా పెరుగుతుంది, పై వేగం ఏడు శాతం దాకా తగ్గుతుంది. మరి తేడా ఎక్కడ? ముందు పళ్లు తగ్గితే చైన్ చిన్న చక్రం చుట్టూ మరీ వంగి తిరగాలి, పిన్నులు ఎక్కువ అరుగుతాయి. వెనక పళ్లు పెరిగితే చైన్‌కు హాయి, కానీ 520 చైన్‌కు మూడు పళ్లంటే స్ప్రాకెట్ ఏడెనిమిది మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. చాలా క్వాడ్‌లలో వెనక ఇరుసు కింద బాగా దిగువన వేలాడేవాటిలో అదొకటి. గండికోట రాళ్లలో దెబ్బ దానికి తప్పదు. కాబట్టి రాళ్లలో తిరిగేవాడు ముందు 13 వేసి, చైన్ కొంచెం ముందుగా మార్చడానికి సిద్ధపడాలి. పులివెందుల తోటబాటల మీద తిరిగేవాడు వెనక 41 వేసి చైన్ ఆయుష్షు పెంచుకోవచ్చు. ఇద్దరిదీ సరైన నిర్ణయమే. రెండూ ఒకేసారి దక్కాలని పట్టుబట్టేవాడే అంగడి ముందు గంటలు గడుపుతాడు. ఏది వదులుకుంటున్నారో నోటితో చెప్పగలిగితే, ఎంచుకున్నదాని మీద తర్వాత చింత ఉండదు.

ఒకటి గట్టిగా చెబుతాను. చైన్, ముందు స్ప్రాకెట్, వెనక స్ప్రాకెట్, మూడూ కలిపే మార్చండి. చైన్ ఒక్కటే మార్చి, కొక్కేల్లా వంగిన పాత పళ్ల మీద వేస్తే, అరిగిన పళ్లు కొత్త చైన్‌ను తమ కొలతకు అరగదీస్తాయి. ఆదా చేశామనుకున్న డబ్బు కొత్త చైన్‌తో పాటే పోతుంది. కనిపించే లోపాన్ని ఒక్కదాన్నే సరిచేసి, దాన్ని పుట్టించిన పాత పరిస్థితిని అలాగే వదిలేస్తే ఏమవుతుందో బండి చాలా త్వరగా చూపిస్తుంది. పొద్దున లేచి చదువుకోవాలని నిశ్చయించుకుని, రాత్రి ఫోన్ దగ్గర మాత్రం మార్పు చేయని విద్యార్థికి జరిగేదీ ఇదే.

ఎప్పుడు మార్చాలి? తెగినప్పుడు కాదు. తెగిన చైన్ ఇంజిన్ కేసును పగలగొట్టొచ్చు. చుట్టుకుపోతే ఒకే ఇరుసు మీదున్న రెండు వెనక చక్రాలూ ఒక్కసారిగా బిగుసుకుని మనిషిని పడేయొచ్చు. చైన్‌ను లాగిపట్టి ఇరవై లింకులు కొలవండి, ఒక పిన్ను మధ్య నుంచి ఇరవై లింకుల అవతలి పిన్ను మధ్యకు. కొత్త 520 అయితే 317.5 మిల్లీమీటర్లు, 428 అయితే 254. 520 చైన్ 321 దగ్గరికి వచ్చిందంటే డబ్బు పక్కన పెట్టడం మొదలుపెట్టండి. 324 దాకా రానివ్వొద్దు. నాలుగైదు చోట్ల కొలవండి, చైన్ అంతా ఒకేలా అరగదు. తేదీ, కొలత ఫోన్‌లో రాసుకోండి. "ఇంకా బాగానే ఉందిలే" అనే మాటకు ఆ అంకె ముందు బలం ఉండదు.

బిగించేటప్పుడు, చైన్ కొసలను కలిపే లింకు మీది లాక్ క్లిప్ మూసి ఉన్న కొస చైన్ కదిలే దిక్కుకు ఉండాలి, నోరు వెనక్కి. రింగ్ చైన్‌కు వీలైతే రివెట్ లింకే వేయించండి. మాన్యువల్ చెప్పినంత సడలింపు వదలండి. మనిషి ఎక్కి సస్పెన్షన్ కిందికి దిగినప్పుడు చైన్ ఇంకా బిగుస్తుంది, అప్పుడు భారమంతా గేర్‌బాక్స్ బేరింగు మీద పడుతుంది. బిగువుగా ఉంటే బాగున్నట్టు అనుకునే అపోహ చాలా బేరింగులను తిన్నది. కిరోసిన్‌తో, మెత్తటి బ్రష్‌తో తుడవండి. పెట్రోలు, ఇనుప బ్రష్ రింగుల రబ్బరును పాడుచేస్తాయి. చైన్ వెచ్చగా ఉండగానే 90 గేర్ ఆయిల్ పలచగా పెట్టి, పైన మిగిలింది గుడ్డతో తుడిచేయండి.

ఇవన్నీ ఇంజిన్ ఆపి, తాళం జేబులో వేసుకున్న తర్వాతే. చక్రం తిరుగుతుంటే గుడ్డ పెట్టి తుడవడం తేలికని చూపించే సీనియర్ ఎవరో ఒకాయన ఉంటారు. చైన్‌కూ పళ్లకూ మధ్య చిక్కిన వేలు మళ్లీ రాదు. ఆయన వయసుకు గౌరవం ఇచ్చి, "వద్దన్నా, ఆపి చేద్దాం" అనండి. ఆయన నవ్వినా సరే, మీ చేయి వెనక్కి తీసుకోండి. కొత్త సెట్టు వేసిన మొదటి కొన్ని గంటల్లో చైన్ కుదురుకుని కొంచెం వదులవుతుంది, అప్పుడు ఇంకోసారి సడలింపు చూసి, స్ప్రాకెట్ బోల్టులు బిగించి, ఆ రోజు కొలత కూడా రాసుకోండి.