పొద్దున్నే కారు లేటుగా స్టార్ట్ అవుతోందా? స్కానర్ కంటే ముందు తాళంతో ఈ టెస్ట్ చేయండి

ఓబీడీ స్కానర్ల గురించి రాయడం మొదలుపెట్టినప్పటి నుంచి ఫ్రెండ్స్ నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "పొద్దున్నే కారు స్టార్ట్ అవడానికి ఐదారు సెకన్లు పడుతోంది బ్రో. స్కానర్ పెట్టి చూస్తే ఒక్క కోడ్ కూడా రాలేదు. అంటే ప్రాబ్లం లేనట్టేనా?"

ఉన్నట్టే. కోడ్ రాలేదంటే కారు బాగుందని అర్థం కాదు. ఈ లేటుకి కారణం పెట్రోల్ సిస్టమ్‌లో ఉంటే చాలా కార్లలో స్కానర్‌కి అది నేరుగా కనిపించదు. అయితే ఒక్క రూపాయి ఖర్చు లేకుండా తాళంతోనే పట్టుకోవచ్చు. స్కానర్ ఉంటే దానికి కూడా పనుంది, అది తర్వాత చెబుతాను.

ముందు సౌండ్ వినండి. స్టార్టర్ నీరసంగా, ఆగి ఆగి తిరుగుతోందంటే అది బ్యాటరీ, స్టార్టర్ మోటారు, తుప్పు పట్టిన ఎర్త్ కనెక్షన్, వీటిలో ఏదో ఒకదాని పని. ఈ ఆర్టికల్ ఆ ప్రాబ్లం గురించి కాదు. స్టార్టర్ ఎప్పటిలాగే హుషారుగా తిరుగుతూ, ఇంజిన్ మాత్రం అందుకోవడం లేదంటే ఇది మీకోసమే. బాగున్న కారు ఒకటి రెండు సెకన్లలో అందుకుంటుంది. తేడా తెలియకపోతే ఫోన్‌లో వాయిస్ రికార్డర్ ఆన్ చేసి, రాత్రంతా ఆగిన కారుని పొద్దున, పది నిమిషాలు ఆగిన కారుని మధ్యాహ్నం రికార్డ్ చేయండి. రెండూ పక్కపక్కన పెట్టి వింటే సెకన్లతో సహా లెక్క తేలిపోతుంది.

అసలు లోపల ఏం జరుగుతుంది?

మామూలు పెట్రోల్ కారులో పంపు ట్యాంకు లోపలే ఉంటుంది. తాళం ఆన్ పొజిషన్‌కి తిప్పగానే ఈసీయూ ఆ పంపుని సుమారు రెండు సెకన్లు నడిపి ఆపేస్తుంది. వెనక సీటు దగ్గర చెవి పెడితే "జుయ్"మని వినిపించేది అదే. ఇంజెక్టర్ల దగ్గర 3 నుంచి 4 బార్ ప్రెషర్ ఉంటేనే పెట్రోల్ సన్నని తుంపరలా పడుతుంది. ఇంజిన్ ఆపాక కూడా ఆ ప్రెషర్ కొన్ని గంటలపాటు లైన్‌లో నిలబడేలా పంపులో ఒక చెక్ వాల్వ్ పెడతారు.

పొలంలో మోటారు చూసినవాళ్లకి ఇది ఇట్టే అర్థమవుతుంది. ఫుట్‌వాల్వ్ లీకైతే రాత్రికి పైపులో నీళ్లన్నీ బావిలోకి దిగిపోతాయి. పొద్దున మళ్లీ పైపు నింపితే గానీ మోటారు నీళ్లు ఎత్తదు. మోటారు బాగానే ఉంటుంది, పైపే ఖాళీ. మీ కారులో జరుగుతున్నది కూడా అదే కావచ్చు. రెండు సెకన్ల పంపింగ్ ఆ ఖాళీని నింపడానికి చాలదు కాబట్టి, మిగతాది మీరు స్టార్టర్ తిప్పుతుండగా నిండుతుంది.

తాళం టెస్ట్

రాత్రంతా ఆగిన కారులో, పొద్దున మొదటి స్టార్ట్‌కి ముందు చేయాలి. తాళం ఆన్‌కి తిప్పండి, స్టార్ట్ చేయొద్దు. మూడు సెకన్లు ఆగి ఆఫ్ చేయండి. ఓ పది సెకన్లు ఆగి మళ్లీ ఆన్. ఇలా మూడుసార్లు చేశాక స్టార్ట్ చేయండి. పుష్ బటన్ కారు అయితే బ్రేక్, క్లచ్ తొక్కకుండా బటన్ రెండుసార్లు నొక్కితే చాలా మోడళ్లలో ఆన్ పొజిషన్ వస్తుంది.

ఇప్పుడు టక్కున అందుకుందా? అయితే రాత్రి ప్రెషర్ దిగిపోతోందని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. ఏమీ తేడా లేకపోతే అనుమానం వేరేవాటి మీదకి వెళ్తుంది. అసలు ఆ "జుయ్" శబ్దమే రాకపోతే ముందు ఫ్యూజు, రిలే చూడాలి.

మరి స్కానర్ దేనికి?

చాలా పోర్ట్ ఇంజెక్షన్ పెట్రోల్ కార్లలో పెట్రోల్ లైన్‌కి ప్రెషర్ సెన్సర్ ఉండదు. సెన్సరే లేనప్పుడు యాప్ ఏం చూపిస్తుంది? డైరెక్ట్ ఇంజెక్షన్, కామన్ రైల్ డీజిల్ కార్లలో రైల్ ప్రెషర్ కనిపిస్తుంది, పీ0087 లాంటి లో ప్రెషర్ కోడ్ కూడా వస్తుంది. మిగతావాళ్లకి స్కానర్ ఒక సాక్షి లాంటిది. దొంగ ఎవరో చెప్పలేకపోయినా, ఎవరు కాదో చెబుతుంది.

మా మావయ్య కారు సంగతే చూడండి. వారంలో మూడు రోజులు తెల్లవారుజామున అత్తయ్యని డయాలసిస్‌కి తీసుకెళ్లే కారు అది. ఏదో ఒక రోజు మొరాయిస్తుందేమో అని ఆయనకి భయం పట్టుకుంది. ఒక గ్యారేజీలో చూసి స్టార్టర్ మోటారు మార్చేయమన్నారు. నేను వెళ్లి పొద్దున్నే యాప్ కనెక్ట్ చేశాను. స్టార్ట్ చేస్తున్నప్పుడు బ్యాటరీ 10.6 వోల్టుల కంటే కిందికి దిగలేదు (9.6 కంటే దిగితే అనుమానించాలి). ఆర్‌పీఎం 230 దగ్గర కనిపించింది, అంటే స్టార్టర్ బాగుంది, క్రాంక్ సెన్సర్ సిగ్నల్ కూడా వస్తోంది. ఇంజిన్ తిరుగుతున్నా యాప్‌లో ఆర్‌పీఎం సున్నా చూపిస్తే ఆ సెన్సర్‌ని పట్టుకోవాలి. కూలెంట్ 27 డిగ్రీలు, లోపలికి వెళ్లే గాలి 26 డిగ్రీలు. రాత్రంతా ఆగిన కారులో ఈ రెండూ దగ్గరదగ్గరగా ఉండాలి. కూలెంట్ సెన్సర్ అబద్ధం చెబితే ఈసీయూ పెట్రోల్ కొలత తప్పేస్తుంది, అప్పుడూ ఇలాగే లేటవుతుంది. ఇంజిన్ వేడెక్కాక లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ 3 శాతం, అదీ నార్మలే.

మర్నాడు పొద్దున తాళం టెస్ట్ చేస్తే ఒక్క సెకనులో అందుకుంది. స్టార్టర్ ఖర్చు తప్పింది.

ఇక ప్రెషర్ ఎటు పోతోందో తేలాలి. చెక్ వాల్వ్ లీకైతే పెట్రోల్ తిరిగి ట్యాంకులోకే పోతుంది, వాసన ఉండదు. ఇంజెక్టర్ కారుతుంటే సిలిండర్‌లోకి పోతుంది. స్టార్ట్ అయ్యాక పెట్రోల్ వాసన, కాసేపు వణుకు, ఒక్కోసారి నల్ల పొగ వస్తాయి. పొద్దున స్పార్క్ ప్లగ్గులు విప్పితే ఆ సిలిండర్‌ది తడిగా కనిపిస్తుంది. మావయ్య కారులో నాలుగూ పొడిగానే ఉన్నాయి. మెకానిక్ ప్రెషర్ గేజ్ బిగిస్తే ఇంజిన్ నడుస్తుండగా 3.5 బార్, ఆపిన పది నిమిషాలకి ఒక బార్ కూడా లేదు. చెక్ వాల్వ్ విడిగా దొరకలేదు, పంపు మాడ్యూల్ మొత్తం మార్చాల్సి వచ్చింది.

గేజ్ పని మాత్రం మీరు చేయకండి. ప్రెషర్‌లో ఉన్న లైన్ విప్పితే పెట్రోల్ మొహం మీదకే చిమ్ముతుంది, పక్కన వేడి ఇంజిన్ ఉంటే చెప్పేదేముంది.

లేట్ స్టార్ట్‌తో పాటు హైవే మీద లాగడం లేదు అంటే కథ వేరు. అక్కడ పంపు బలహీనపడిందో, ఫిల్టర్ మూసుకుపోయిందో చూడాలి. స్పీడ్ పెంచేకొద్దీ ఫ్యూయల్ ట్రిమ్ ప్లస్ 10 దాటి పోతుంటే అనుమానం గట్టిపడుతుంది. ఐడిల్‌లో ఎక్కువుండి, ఆర్‌పీఎం పెరిగాక తగ్గితే అది ఎక్కడో గాలి లీక్. ఎప్పుడూ రిజర్వ్‌లోనే బండి నడిపేవాళ్లకి ఒక మాట: ట్యాంకులో పంపుని చల్లబరిచేది ఆ పెట్రోలే.

స్కానర్ కొనేవాళ్లు ఐఫోన్ వాడుతుంటే పాత తరహా బ్లూటూత్ ఈఎల్‌ఎం327 అడాప్టర్ తీసుకోకండి, కనెక్ట్ అవదు. బ్లూటూత్ ఎల్‌ఈ లేదా వైఫై మోడల్ కావాలి. పని అయిపోయాక పోర్ట్ నుంచి పీకేయండి, చవక అడాప్టర్లు కారు ఆపినా బ్యాటరీ తాగుతూనే ఉంటాయి. రిపేరు చేయించాక సాయంత్రం గ్యారేజీలో వేడి ఇంజిన్ మీద స్టార్ట్ చేసి చూపిస్తే ఓకే అనేయకండి. ఇంటికి తెచ్చి రాత్రంతా ఉంచండి. పొద్దున తాళం ఒక్కసారే తిప్పి, పాత రికార్డింగ్ పక్కన కొత్తది పెట్టి వినండి.