పరాయి దేశంలో శాశ్వత నివాసం: దరఖాస్తుకు ముందు నియ్యత్

కెనడా వెళ్ళిన పిల్లవాడు చదువు ముగించాడు. ఉద్యోగంలో చేరాడు. చదువు తర్వాత అక్కడి ప్రభుత్వం ఇచ్చే వర్క్ పర్మిట్ గరిష్ఠంగా మూడేళ్ళే. అది ముగిసేలోగా శాశ్వత నివాసానికి, అంటే అందరూ ‘పీఆర్’ అనే దానికి, దరఖాస్తు పెట్టుకోవాలో వద్దో తేల్చుకోవాలి. 2015 జనవరి నుంచి నడుస్తున్న ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో వయసుకు ఇచ్చే మార్కులు 30వ ఏట నుంచి ఏటేటా తగ్గుతూ పోతాయి. కనుక అబ్బాయికి తొందర. ఇక్కడ గుంటూరులోనో కర్నూలులోనో అమ్మీకి దిగులు. అబ్బా ఇషా నమాజు తర్వాత ఇమాము గారి పక్కన కూర్చుని, “హజ్రత్, ఇది జాయజేనా?” అని అడుగుతారు.

“జాయజే” అనో “నాజాయజ్” అనో ఒక్క మాట చెప్పి పంపేస్తే ఈ ప్రశ్న తీరదు. ఇందులో రెండు మసలాలు కలిసి ఉన్నాయి. ముస్లిమేతరుల దేశంలో స్థిరపడవచ్చునా అనేది ఒకటి. పుట్టిన ఊరిని, కన్నవారిని వదిలి మరో చోటును తన ఊరిగా చేసుకోవడం రెండోది. జనం మొదటిదాని గురించే అడుగుతారు. బరువంతా రెండోదానిలో ఉంది.

మొదటిదాని విషయంలో కొందరు ఒక హదీసును ముందు పెడతారు. ముష్రికుల మధ్య నివసించే ముస్లిం బాధ్యత తనపై లేదని దైవప్రవక్త (స) చెప్పిన హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లో ఉంది. అయితే ఆ మాట వచ్చిన సందర్భం యుద్ధమనీ, ధర్మాన్ని ఆచరించలేని చోట ఉండిపోయే వారి గురించి హెచ్చరిక అనీ ధర్మవేత్తలు వివరించారు. సూరా నిసా 97వ ఆయత్ కూడా పీడనను భరిస్తూ, వెళ్ళగలిగి ఉండీ వెళ్ళని వారిని నిలదీస్తుంది. అల్లాహ్ భూమి విశాలంగా లేదా అని దైవదూతలు వారిని ప్రశ్నిస్తారు. మరోవైపు హబషా ఉదంతం చూడండి. అక్కడి రాజు నజాషీ అప్పటికి క్రైస్తవుడు. అతని నీడలోకి సహాబాలను పంపింది స్వయంగా దైవప్రవక్తే (స). ఆయన మదీనా చేరిన తర్వాత కూడా హజ్రత్ జాఫర్ (రజి), ఆయన సహచరులు ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నారు. హిజ్రీ 7లో ఖైబర్ సమయంలో గానీ తిరిగి రాలేదు.

ఇక్కడ ఒక మాట అనక తప్పదు. తెలుగు నేలపై తరతరాలుగా మనం అల్పసంఖ్యాకులుగానే బ్రతుకుతున్నాం. మన మస్జిదులు, మద్రసాలు, నికాహ్‌లు, జనాజాలు అన్నీ ఇక్కడే జరుగుతున్నాయి. కెనడా అనగానే “కాఫిర్ల దేశం” అని పెదవి విరిచే పెద్దలు ఆ కొలబద్దను ముందు తమ వీధిలో పెట్టి చూసుకోవాలి.

ఈ కాలపు ఉలమాలలో ముఫ్తీ ముహమ్మద్ తఖీ ఉస్మానీ గారు ఈ మసలాను విడమరచి రాశారు. ఆయన వివరణ సారాంశం ఇది: ప్రాణానికీ ధర్మానికీ రక్షణ కరువై వెళ్ళేవానికి అక్కడ ధర్మాన్ని నిలుపుకోగలనన్న నమ్మకం ఉంటే అనుమతి ఉంది. తన దేశంలో జీవనోపాధి దొరకక వెళ్ళేవానికీ ఇదే షరతుపై అనుమతి ఉంది. ధర్మాన్ని అందజేసే ఉద్దేశంతో వెళితే పుణ్యం కూడాను. అవసరం తీరిపోయి, కేవలం మరింత సుఖం కోసం, హోదా పెంచుకోవడం కోసం వెళ్ళడం మక్రూహ్. తోటి ముస్లింలపై గొప్ప చాటుకోవడానికైతే అసలే తగదు. గమనించండి, దేశం ఒకటే, దరఖాస్తు ఫారం ఒకటే. హుకుమ్ మారింది నియ్యత్‌ను బట్టి.

గల్ఫ్ సంగతి వేరు అని కొందరంటారు. అక్కడ ఐదు పూటలా అజాన్ వినబడుతుంది, పిల్లలు చెడిపోరు అని. నిజమే. కానీ కడప నుంచి, రాయచోటి నుంచి, నిజామాబాద్ నుంచి వెళ్ళిన మన కార్మికులు, డ్రైవర్లు తమతో పిల్లలను తీసుకెళ్ళగలుగుతున్నారా? సౌదీ 2019లో తెచ్చిన ప్రీమియం ఇఖామాకు కాలపరిమితి లేని తరగతిలో రుసుము 8 లక్షల రియాళ్ళు. అది వారికి అందే మాటేనా? మామూలు ఇఖామా ఉద్యోగంతో ముడిపడినది. ఉద్యోగం పోతే ఇల్లు చేరవలసిందే. రెండేళ్ళకోసారి వచ్చే నాన్నను పిల్లవాడు తలుపు చాటు నుంచి చూస్తాడు. సైనికులను భార్యలకు దూరంగా నాలుగు నెలలకు మించి ఉంచవద్దని హజ్రత్ ఉమర్ (రజి) ఆదేశించారు. మరో ఉల్లేఖనంలో ఆరు నెలలని ఉంది. ఈ దృష్టితో చూస్తే, భార్యాపిల్లలను వెంట ఉంచుకోనిచ్చే పీఆర్ కొందరి విషయంలో గల్ఫ్ ఒంటరితనం కంటే ధర్మానికి దగ్గరగా ఉంటుంది. ఇది చాలామంది పెద్దలకు రుచించదు. అయినా ఉన్న మాట ఇదే.

ఇక రెండో మసలా. దీన్ని అర్థం చేసుకోవడానికి ప్రయాణ నమాజు అధ్యాయం తెరవాలి. హనఫీ ఫిఖ్హ్‌లో ‘వతన్’ను ముఖ్యంగా రెండుగా చెబుతారు. మనిషి పుట్టి పెరిగిన ఊరు, లేదా భార్యాపిల్లలతో ఇక ఇక్కడే ఉంటానని స్థిరపడిన ఊరు ‘వతనె అస్లీ’. పదిహేను రోజులు లేదా అంతకు మించి ఉండే నియ్యత్‌తో దిగిన చోటు ‘వతనె ఇఖామత్’. రెండు చోట్లా నమాజు పూర్తిగానే చేయాలి. తేడా ఎక్కడంటే, వతనె ఇఖామత్ అక్కడి నుంచి ప్రయాణం కట్టగానే రద్దవుతుంది. వతనె అస్లీ ప్రయాణంతో రద్దు కాదు. మరో చోటును వతనె అస్లీగా చేసుకుని, మొదటిదాన్ని నివాసంగా వదులుకున్నప్పుడే రద్దవుతుంది.

వర్క్ పర్మిట్‌పై టొరంటోలో ఉండి, ఏదో ఒకనాడు తిరిగి వచ్చేస్తానన్న మనసుతో ఉన్నవానికి టొరంటో వతనె ఇఖామత్. అతను వారం రోజుల సెలవుపై గుంటూరు వస్తే అబ్బా ఇంట్లో జుహర్ నాలుగు రకాతులు చేస్తాడు. అది అతని సొంత ఊరు. అదే మనిషి భార్యాపిల్లలను తీసుకెళ్ళి, ఇక మా ఊరు ఇదే, గుంటూరులో ఉండబోను అని నిశ్చయించుకుంటే? అప్పుడు పదిహేను రోజులకు తక్కువ ఉండే నియ్యత్‌తో వచ్చినప్పుడు, తాను పుట్టిన ఇంట్లోనే ముసాఫిర్ అవుతాడు. ఒంటరిగా చేస్తే రెండే రకాతులు. మహల్లా మస్జిదులో స్థానిక ఇమాము వెనుక నిలబడితే మాత్రం నాలుగు.

ఇది పుస్తకాల్లో ఉండిపోయిన సంగతి కాదు. మక్కా విజయం నాడు దైవప్రవక్త (స) తాను పుట్టిన మక్కాలోనే రెండేసి రకాతులు చేశారు. మీరు నాలుగు పూర్తి చేసుకోండి, మేము ప్రయాణికులం అని ఆ ఊరివారితో చెప్పారని హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) తెలిపారు. ఎన్నాళ్ళుంటామో నిశ్చయించుకోని బస అది. ఆ ఊరంటే ఆయనకు ఎంత ప్రేమో, వదిలి వెళ్ళేటప్పుడు ఎంత బాధపడ్డారో హదీసుల్లో ఉంది. ప్రేమ అలాగే ఉంది. వతన్ మాత్రం మదీనా అయింది.

మన ఆడపిల్లలకు ఈ మసలా కొత్తదేమీ కాదు. గుంటూరు అమ్మాయి అనంతపురం కోడలై అక్కడే స్థిరపడితే, నాలుగు రోజులకు పుట్టింటికి వచ్చినప్పుడు ఖస్రే చేస్తుంది. ఏ తల్లీ దాన్ని ద్రోహం అనుకోదు. కొడుకు విషయంలో అదే హుకుమ్ వినగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది.

కాబట్టి పీఆర్ కాగితం దానంతటది ఎవరి వతన్‌నూ మార్చదు. పేరుకు పర్మనెంట్, చేతికిచ్చే కార్డు సాధారణంగా ఐదేళ్ళది! కార్డు చేతిలో ఉండి కూడా తిరిగి రావాలన్న నిశ్చయం ఉన్నవాడు గుంటూరు వాడే. నిర్ణయించేది మనసు. ఆ మనసులో ఏముందో తనకే తెలియకుండా, “అందరూ పెడుతున్నారు, నేనూ పెడతాను” అని దరఖాస్తు పెట్టేవారే ఎక్కువ. పదేళ్ళ తర్వాత పిల్లలు అక్కడి బడిలో ఎనిమిదో తరగతికి వచ్చాక తేల్చుకుందామంటే అప్పటికి తేల్చేది వారు కారు, పిల్లలు. అందుకే దరఖాస్తుకు ముందే భార్యాభర్తలిద్దరూ కూర్చుని సూటిగా మాట్లాడుకోవాలి: మనం ఉండిపోవడానికి వెళుతున్నామా, సంపాదించుకుని రావడానికా? ఈ జవాబును అమ్మీ అబ్బాలకు దాచకుండా చెప్పాలి. “రెండేళ్ళలో వచ్చేస్తాం అమ్మీ” అని ప్రతి ఈదుకూ ఫోనులో చెప్పడం, లోపల ఆ ఉద్దేశం లేకపోవడం అబద్ధమే. అమ్మ బాధపడుతుందని చెప్పినంత మాత్రాన అది నిజం కాదు.

తల్లిదండ్రుల హక్కు ఇక్కడే వస్తుంది. ఒక మనిషి హిజ్రత్ కోసం బైఅత్ చేస్తానని, తల్లిదండ్రులను ఏడుస్తుండగా వదిలి వచ్చానని చెబితే, తిరిగి వెళ్ళు, వారిని ఎలా ఏడిపించావో అలాగే నవ్వించు అనే భావంలో దైవప్రవక్త (స) జవాబిచ్చారు. హిజ్రత్ అంతటి పుణ్యకార్యానికే ఆ మాట. ఫుఖహాలు దీన్ని ఇలా తేల్చారు: తల్లిదండ్రులకు సేవ చేసేవారు వేరే ఉండి, ప్రయాణంలో ప్రమాదం లేకపోతే సంపాదన కోసం దూరం వెళ్ళడానికి అడ్డు లేదు. వారు ముసలివారై, చూసేవారు మరెవరూ లేకపోతే వారిని వదిలి వెళ్ళరాదు. నెలనెలా పంపే డబ్బు మందుల షాపుకు చేరుతుంది. డయాలసిస్‌కు చేయి పట్టుకుని తీసుకెళ్ళేందుకు ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఎవరో పేరు పెట్టి చెప్పగలిగితే దరఖాస్తు పెట్టండి. తల్లిదండ్రులను అక్కడికి పిలిపించుకుందామంటే కెనడాలో స్పాన్సర్‌షిప్‌కు కోటా ఉంది, కోరిన వారందరికీ అందదు. సూపర్ వీసాపై 2022 నుంచి ఒక్కో రాకలో ఐదేళ్ళ దాకా ఉండనిస్తున్నారు. దానికి ఆరోగ్య బీమా తప్పనిసరి. అన్నిటికంటే ముందు వారికి రావాలని ఉందో లేదో అడగాలి. మహల్లా మస్జిదులో అరవై ఏళ్ళుగా నమాజు చేస్తున్న మనిషిని మంచు కురిసే ఊళ్ళో పన్నెండో అంతస్తులో కూర్చోబెట్టడం సేవ అవునో కాదో ఆలోచించాలి.

దరఖాస్తులో రాసే ప్రతి వాక్యమూ సాక్ష్యమే. చేయని ఉద్యోగానికి అనుభవ పత్రం కొనుక్కోవడం, పది రోజులకు అప్పు తెచ్చి బ్యాంకులో సొంత డబ్బుగా చూపడం, కాగితాల కోసం ఉత్తుత్తి నికాహ్ చేసుకోవడం, లేని పీడనను కల్పించి ఆశ్రయం కోరడం హరామ్. ఎదుటివారు ముస్లిమేతరులైనంత మాత్రాన మోసం హలాల్ కాదు. తప్పుడు సమాచారం బయటపడితే కెనడా చట్టం ఐదేళ్ళు తలుపు మూస్తుంది. అల్లాహ్ దగ్గర లెక్క వేరే ఉంది. పీఆర్ నిలవాలంటే ప్రతి ఐదేళ్ళలో కనీసం 730 రోజులు అక్కడ ఉండాలి. ఆ షరతు ఒప్పుకున్నాక అది ఒప్పందమే. సూరా మాయిదా ఒప్పందాలను నెరవేర్చమన్న ఆజ్ఞతోనే మొదలవుతుంది. దుబాయ్‌లో ఉద్యోగం చేస్తూ కెనడాలో ఉంటున్నట్టు కాగితాలు చూపేవారు దీన్ని గుర్తుంచుకోవాలి.

ఇల్లు కొనాలంటే అక్కడ మామూలుగా వడ్డీ అప్పే. అద్దె ఇంట్లో ఉంటే ఏ లోటూ లేదు. పిల్లల చదువు విషయంలో మాత్రం రాజీ పనికిరాదు. ఊరు ఎంచుకునే ముందు జీతంతోపాటు మస్జిద్ ఎంత దూరం, ఖుర్ఆన్ మక్తబ్ ఉందా అన్నదీ విచారించండి.

పీఆర్ తీసుకున్నా భారత పాస్‌పోర్టు అలాగే ఉంటుంది. పౌరసత్వం తీసుకుంటేనే అది పోతుంది. మన రాజ్యాంగం 9వ అధికరణం, 1955 పౌరసత్వ చట్టం రెండు పౌరసత్వాలకు తావివ్వవు. ఆ తర్వాత ఓసీఐ కార్డు తీసుకోవచ్చు. దానితో ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనే వీలు లేదు. కనుక పీఆర్ ఒక మజిలీ, పౌరసత్వం మరో మజిలీ. ఒకదానికి తల ఊపినంత మాత్రాన రెండోదానికీ ఊపినట్టు కాదు. వారసత్వం మాత్రం ఏ పాస్‌పోర్టుతోనూ మారదు. దేశాలు వేరైనంత మాత్రాన ముస్లింల మధ్య మీరాస్ ఆగదని హనఫీ ఫిఖ్హ్ స్పష్టంగా చెబుతుంది. “వాడు కెనడా వాడైపోయాడు, వాడికెందుకు” అని ఇక్కడి అన్నదమ్ములు వాటా మింగకూడదు. “నాకు అక్కర్లేదులే” అని అక్కడివాడు చెల్లెళ్ళ వాటా కూడా కలిపి అన్నకు రాసివ్వకూడదు.

ఇన్ని విచారించి మష్వరా చేశాక ఇస్తిఖారా చేయండి. చాలామంది రెండు రకాతులు చదివి పడుకుని, కలలో ఆకుపచ్చ రంగు కనబడుతుందా, విమానం కనబడుతుందా అని చూస్తారు. కల రావాలన్న షరతు ఏ హదీసులోనూ లేదు. ఈ పనిలో నా ధర్మానికి, నా బ్రతుక్కి, నా పరిణామానికి మేలుంటే సులభం చెయ్యి, లేకపోతే నా నుంచి తప్పించు అన్నది ఆ దుఆ సారాంశం. దుఆ చేసి, మనసు మొగ్గిన వైపు అడుగు వేయడమే.

ఒకవేళ వెళ్ళి స్థిరపడి, గుంటూరులో ఇల్లు ఒక్కటే మిగిలిపోతే ఆ ఊరు వతన్‌గా మిగులుతుందా అన్న దానిపై ఫుఖహాలలో రెండు అభిప్రాయాలున్నాయి. ఇలాంటివారు సెలవుపై వచ్చే ముందే తమ వివరాలన్నీ చెప్పి ముఫ్తీ గారిని అడిగి తెలుసుకోవాలి. ఎన్ని రకాతులో తెలియక నాన్న గారి ముసల్లా మీద తికమక పడకుండా ఉంటుంది.