పాత బండ్ల ఇంజనులో నీరు కారుట – కనిపెట్టు విధము, బాగుచేయు విధము

మన పాఠశాలకు వచ్చు బాలబాలికలలో పలువురు వ్యానులలోను కార్లలోను వచ్చుచున్నారు. ఆ బండ్లలో పెక్కు పాతవి. అంబాసిడరు, మారుతి 800 ల తయారీ 2014లో నిలిచిపోయినది. మారుతి ఓమ్ని తయారీ 2019లో నిలిచినది. అయినను అవి నేటికిని తిరుగుచునే యున్నవి. కొన్ని కుటుంబములకు అవియే జీవనాధారము. ఇట్టి బండ్లకు తరచుగా వచ్చు జబ్బులలో ఇంజనును చల్లబరచు నీరు కారిపోవుట యొకటి. ఒక చిన్న క్లిప్పుతో తీరవలసిన పని, అశ్రద్ధ చేసినచో ఇంజను మొత్తమును విప్పవలసిన పనిగా మారును. అంతకంటె ముఖ్యమైనది మనుష్యుల క్షేమము. దారిలో ఆగిన బండి మూతను తొందరపడి విప్పి చేతులు, ముఖము కాల్చుకొనువారు కలరు. కావున తల్లిదండ్రులు ఈ విషయమును కొంత తెలిసికొని యుండుట మంచిదని తలంచి యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

నీరు చేయు పని

ఇంధనము మండగా పుట్టు వేడిమిలో సుమారు మూడవ వంతును ఈ నీరే మోసికొనిపోవలెను. వాటర్ పంపు దానిని సిలిండర్ల చుట్టునున్న కాలువలలో త్రిప్పును. ఇంజను చల్లగా నున్నంతసేపు థర్మోస్టాట్ అను కవాటము మూసికొనియుండును. పెక్కు బండ్లలో అది 82 మొదలు 88 డిగ్రీల సెంటిగ్రేడు నడుమ తెరచుకొని వేడినీటిని రేడియేటరునకు విడుచును. అచ్చట సన్నని గొట్టములలో పారుచు, ఎదురుగాలికిని ఫ్యాను గాలికిని చల్లారి, నీరు మరల ఇంజనును చేరును.

రేడియేటరు మూత వట్టి బిరడా వంటిది కాదు. అందులోని స్ప్రింగు లోపలి ఒత్తిడిని నిలుపును. ఒత్తిడి పెరిగినకొలది నీరు మరుగు ఉష్ణోగ్రతయు పెరుగునని మీ పిల్లలు విజ్ఞానశాస్త్రములో చదివియే యుందురు. సముద్రమట్టమున 100 డిగ్రీల వద్ద మరుగు నీరు, సుమారు 900 మీటర్ల ఎత్తుననున్న హోసూరులో 97 డిగ్రీలకే మరుగును. అదే నీరు, 0.9 బార్ ఒత్తిడిని నిలుపు మూత క్రింద సుమారు 118 డిగ్రీల వరకు మరుగక నిలుచును. వంటయింటి ప్రెషర్ కుక్కరులో జరుగునదియు నిదియే. ఆ స్థితిలో మూతను విప్పినచో ఒత్తిడి తొలగి, లోని నీరు తటాలున ఆవిరియై పైకి చిమ్మును. ప్రమాదమంతయు ఇచ్చటనే యున్నది.

మన ప్రాంతములో నీరు గడ్డకట్టు భయము లేదు గదా, కూలెంట్ ఎందులకు, బోరు నీరు చాలదా యని కొందరడుగుదురు. బోరు నీటిలోని కాల్షియము, మెగ్నీషియము లవణములు కాగిన కాగులో వలె ఇంజను కాలువలలోను తెల్లని పెచ్చు కట్టును. ఆ పెచ్చు వేడిమిని దాటనీయదు. కూలెంట్‌లోని ఎథిలీన్ గ్లైకాల్ నీరు మరుగు ఉష్ణోగ్రతను హెచ్చించును. అందు కలిపిన మందులు త్రుప్పును ఆపును. ఆ మందుల బలము కాలక్రమమున క్షీణించును గనుక, బండితో వచ్చిన పుస్తకములో చెప్పిన గడువునకు కూలెంట్‌ను మార్పించవలెను.

లీకు ఆనవాళ్ళు

తెల్లవారి ఇంజను చల్లగా నున్నపుడు, సమతలముపై నిలిపిన బండిలోని ప్లాస్టిక్ సీసాపై నీటి మట్టమును గుర్తించి, తేదీతో నోటుపుస్తకమున వ్రాయుడు. మట్టము వారమువారమునకు తగ్గుచున్నచో నీరు ఎచ్చటనో పోవుచున్నదని నిశ్చయింపవచ్చును. బండి క్రింద కనబడు ప్రతి తడియు లీకు కాదు. ఏ.సి. నడచిన తరువాత కారు నీరు తేటగా, వాసన లేక యుండును. అది దోషము కాదు. కూలెంట్ ఆకుపచ్చగనో ఎఱ్ఱగనో రంగు కలిగి, వ్రేళ్ళకు జిడ్డుగా తగులును. అది ఆరినచోట తెల్లనిదో రంగుదో పొడి అంటియుండును. పాత లీకును ఆ మరకయే పట్టియిచ్చును.

వెదకు క్రమము

మొదట సులభమైన చోట్లు చూడవలెను. రబ్బరు గొట్టములను చేతితో నొక్కి చూడుడు. గట్టిపడి పగుళ్ళు తేలినను, మెత్తబడి ఉబ్బినను అవి మార్చదగినవి. కొన్ని క్లిప్పుల వద్ద చల్లగా నున్నపుడే కారి, వేడెక్కి లోహము వ్యాకోచించిన పిమ్మట కారుట ఆగును. అందుచే ఉదయమున ఒకసారి, బండి తిరిగివచ్చిన తరువాత ఇంకొకసారి చూడవలెను.

పిమ్మట రేడియేటరు అతుకులను, నీరు విడుచు కుళాయిని, మూతలోని రబ్బరు వాషరును చూడవలెను. వాటర్ పంపు క్రింద ఒక చిన్న రంధ్ర ముండును. లోపలి సీలు అరిగినపుడు నీరు ఆ దారిని బయటికి వచ్చును. ఆ రంధ్రమును మూయించుట రోగమును దాచుట యగును, పంపునే మార్పించవలెను. హీటరున్న బండ్లలో ముందు సీటు క్రింది తివాచీ తడిసినను, తియ్యని వాసనతో లోపలి అద్దముపై జిడ్డుపొగ పట్టినను హీటరు గొట్టము కారుచున్నదని గ్రహింపవలెను.

కంటికి కనబడని లీకునకు మెకానిక్కు వద్ద ప్రెషర్ పంపు ఉండును. చల్లని ఇంజనుకు దానిని మూత స్థానమున బిగించి, మూతపై వ్రాసియున్న ఒత్తిడికి మించకుండ గాలి ఎక్కించి, పది పదునైదు నిమిషములు ముల్లును గమనింతురు. ముల్లు దిగినచో లీకున్నది.

వెలుపల ఎచ్చటను తడి లేకయే నీరు తగ్గుచున్నచో హెడ్ గ్యాస్కెట్ చెడినదేమో యని అనుమానింపవలెను. తెల్లని పొగ ఆగక వచ్చుట, ఇంజను ఆయిలు మజ్జిగ వలె మారుట, రేడియేటరులో బుడగలు ఎడతెగక లేచుట దీని గురుతులు. చల్లని ఉదయమున మొదట కొంతసేపు వచ్చు పొగ సహజమే. రేడియేటరు పైభాగమునందలి గాలిని ఒక నీలి ద్రవము గుండా లాగి చూచు పరీక్షయు కలదు. మండిన వాయువు కలిసినచో ఆ ద్రవము పసుపు రంగునకు మారును.

బాగుచేయు విధము

గొట్టము చెడినచో క్రొత్త గొట్టముతో బాటు క్రొత్త క్లిప్పును వేయించుడు. పాత బండ్లలోని ఇత్తడి, రాగి రేడియేటరుకు టంకము వేసి అతుకవచ్చును. ప్లాస్టిక్ తొట్లుగల అల్యూమినియము రేడియేటరు పగిలినచో మార్చుటయే మేలు. హెడ్ గ్యాస్కెట్ మార్చునపుడు హెడ్ వంగినదో లేదో కొలబద్ద పెట్టి చూడవలెను. వంగినచో ఆ ముఖమును మట్టము చేయించి, బోల్టులను పుస్తకములో చెప్పిన క్రమమున, చెప్పిన బిగువునకే బిగింపవలెను. ఈ పనిలో తొందర చేసిన మెకానిక్కు వద్దకు బండి మరల పోక తప్పదు.

రేడియేటరులో పసుపుపొడి వేయుట డ్రైవర్లలో వాడుక. సన్నని రంధ్రము దానితో తాత్కాలికముగా పూడవచ్చును. కాని ఆ పొడియే రేడియేటరు సన్నగొట్టములను, హీటరును అడ్డగించును. అంగడిలో దొరకు లీకు పొడులకును ఈ దోషము కలదు. దారిలో చిక్కుపడినపుడు ఇంటికి చేరుటకు మాత్రమే వానిని ఉపాయముగా నెంచి, పిమ్మట అసలు లీకును బాగుచేయించి లోపల కడిగింపవలెను.

క్రొత్త నీరు పోసిన పిదప లోపల చిక్కిన గాలిని వెడలింపవలెను. లేనిచో నీరు నిండియున్నట్లు తోచి, ఇంజను మాత్రము కాగుచుండును.

తప్పక పాటింపవలసిన జాగ్రత్తలు

వేడిమి ముల్లు ఎఱ్ఱగీతకు చేరినచో బండిని ప్రక్కకు తీసి ఇంజనును ఆపి, పిల్లలను రోడ్డునకు దూరముగా దింపవలెను. అరగంటకు తక్కువ కాకుండ ఆగి, పై గొట్టము చల్లబడిన తరువాతనే, మందపు గుడ్డ వేసి, ముఖము ప్రక్కకు త్రిప్పి, మూతను మెల్లగా మొదటి మెట్టు వరకు త్రిప్పవలెను. కాగిన ఇంజనులో చన్నీరు గుమ్మరించినచో హెడ్ పగులును. ఇంకొక సంగతి: నీరంతయు పోయినపుడు వేడిమిని తెలుపు పరికరము నీటిలో మునిగియుండదు గనుక ముల్లు క్రిందికి దిగిపోవచ్చును. అంతవరకు పైకెక్కుచున్న ముల్లు ఉన్నట్టుండి దిగినంత మాత్రమున అపాయము తీరినదని భ్రమపడరాదు.

ఎవరైనను కాలినచో కాలిన చోటును ఇరువది నిమిషములు చల్లని పారు నీటి క్రింద ఉంచి, వైద్యుని వద్దకు తీసికొనిపోవలెను. మంచుగడ్డ, పసుపు, పళ్ళపొడి, సిరా పూయరాదు.

కూలెంట్ తియ్యగా నుండును, విషము. పిల్లలును, కుక్కలును, పశువులును దానిని త్రాగిన మూత్రపిండములు చెడి ప్రాణాపాయము కలుగును. వంపిన కూలెంట్‌ను వీధి కాలువలో విడువరాదు. నీళ్ళ సీసాలలో పోసి యింట నుంచరాదు.

తల్లిదండ్రులు మెకానిక్కులు కానక్కరలేదు. వారమున కొక ఉదయము మీ బిడ్డ ఎక్కు వ్యాను డ్రైవరును, “నీటి మట్టము చూచితివా బాబూ, క్రింద తడి యున్నదా?” అని ఆదరముతో అడుగుడు. మీ బండియే యైనచో ఆ నోటుపుస్తకమును ఉన్నత తరగతి పిల్లవాని చేతికిచ్చి మట్టమును వానిచే వ్రాయింపుడు. ఒత్తిడి, వ్యాకోచము, బాష్పీభవనము అను మాటలు వానికి పరీక్షల కొఱకు కంఠస్థము చేసిన మాటలుగా మిగిలిపోక, ఇంటి బండిని కాపాడు జ్ఞానముగా నిలుచును.