ఇల్లంతా వై-ఫై: కొనుగోలుకు ముందు కొలత

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇంటర్నెట్ ఇప్పుడు విద్యుత్తు, మంచినీటి సరసన చేరిన అవసరం. ఇంటి నుంచి చేసే ఉద్యోగం, పిల్లల ఆన్‌లైన్ తరగతి, ఆస్తిపన్ను చెల్లింపు, అనంతపురంలోనో చిత్తూరులోనో ఉన్న పెద్దలతో వీడియో సంభాషణ, అన్నీ దానిమీదనే సాగుతున్నాయి. అయినా "హాలులో బాగానే వస్తుంది, వెనుక గదిలో రాదు" అన్న మాట అనేక ఇళ్ళలో వినిపిస్తుంది. ఉద్యోగపు ఇంటర్వ్యూ ఆ వెనుక గదిలోనే ఇవ్వవలసి వచ్చిన రోజున అది చిన్న ఇబ్బందిగా మిగలదు. దుకాణదారు మెష్ వై-ఫై కొనమంటాడు. కంపెనీ ప్రతినిధి పెద్ద ప్లాన్ తీసుకోమంటాడు. ఈ రెండింటిలో ఏది అవసరమో, అసలు ఏదైనా అవసరమో కాదో పాఠకులు స్వయంగా తేల్చుకోగలగాలన్నదే ఈ పాఠం ఉద్దేశం.

1. రెండు వేర్వేరు లోపాలు

ఇంటి గుమ్మం వరకు వచ్చే వేగం ఒకటి, గుమ్మం నుంచి గదిగదికీ చేరే సిగ్నల్ మరొకటి. మొదటిది కంపెనీ బాధ్యత. రెండవది ఇంటి గోడలకు సంబంధించినది. మెష్ ఈ రెండవ లోపాన్ని మాత్రమే సరిదిద్దగలదు. బావిలో లేని నీరు బొక్కెనలోకి రానట్లే, ఇంటికి చేరని వేగాన్ని ఏ పరికరమూ సృష్టించలేదు.

ప్లాన్ వేగాన్ని మెగాబిట్లలో చెబుతారు. ఫోనులోనూ కంప్యూటర్‌లోనూ ఫైలు దిగుతున్నప్పుడు కనిపించే అంకె సాధారణంగా మెగాబైట్లలో ఉంటుంది. 8 బిట్లు ఒక బైట్. కనుక 100 మెగాబిట్ల ప్లాన్‌లో సెకనుకు 12 మెగాబైట్లు కనిపిస్తే అది మోసం కాదు, పూర్తి వేగమే. వీడియో కాల్‌కు నాలుగైదు మెగాబిట్లు చాలు. స్పష్టమైన చలనచిత్రానికి సుమారు 5, అత్యున్నత నాణ్యతకు 15 నుంచి 25 మెగాబిట్లు సరిపోతాయి. 100 మెగాబిట్ల ప్లాన్ ఉన్న ఇంటిలో ఒక్క గదిలోనే తరగతి ఆగిపోతుంటే, చాలావరకు కొరత ప్లాన్‌లో లేదని, దారిలో ఉన్నదని గ్రహించాలి.

2. ఇంటిని కొలవడం

ఇందుకు ఒక కాగితం, ఒక ఫోను, అరగంట సమయం చాలు. ఇంటి నమూనాను గీసి, రౌటర్ ఉన్న చోటును గుర్తు పెట్టండి. ముందుగా రౌటర్‌కు రెండు మూడు అడుగుల దూరంలో నిలబడి స్పీడ్ టెస్ట్ చేయండి. అక్కడే ప్లాన్ కన్నా బాగా తక్కువ వేగం వస్తుంటే, కంప్యూటర్‌ను కేబుల్‌తో నేరుగా కలిపి మరొకసారి పరీక్షించండి. అప్పటికీ తక్కువే వస్తే కంపెనీకి ఫిర్యాదు చేయాలి, కొనుగోలు ఆలోచన మానుకోవాలి. ఫైబర్ పెట్టె మీద 'లాస్' అన్న దీపం ఎర్రగా వెలుగుతుంటే బయటి తీగలోనే లోపం ఉన్నట్లు.

రౌటర్ దగ్గర వేగం సరిగా ఉంటే ప్రతి గదిలోనూ అదే పరీక్ష చేసి అంకె రాసుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉచితంగా లభించే వై-ఫై ఎనలైజర్ యాప్‌లు సిగ్నల్ బలాన్ని డీబీఎంలలో చూపుతాయి. ఈ అంకె ఎప్పుడూ మైనస్‌లో ఉంటుంది. మైనస్ 50 చాలా బలమైన సిగ్నల్. మైనస్ 67 వరకు వీడియో కాల్ నిలకడగా సాగుతుంది. మైనస్ 70 దాటితే బలహీనం, మైనస్ 80 వద్ద దాదాపు నిరుపయోగం. అంకె 10 పెరిగితే అందే శక్తి పదో వంతుకు పడిపోయినట్లు అర్థం.

ఉదాహరణకు 30×40 సైటులో కట్టిన ఇంటి మొదటి అంతస్తులో అద్దెకున్న ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. రౌటర్ వీధివైపు హాలులో ఉంది. హాలులో 94 మెగాబిట్లు, వంటగది దగ్గర 60, వెనుక పడకగదిలో 6 వచ్చాయనుకుందాం. ఈ మూడు అంకెలు సమస్యను స్పష్టంగా చెబుతున్నాయి. కంపెనీ ఇవ్వవలసిన వేగాన్ని ఇస్తోంది, వంటగది, స్నానాలగది గోడలు దానిని మింగుతున్నాయి. ఈ కుటుంబం 300 మెగాబిట్ల ప్లాన్‌కు మారినా వెనుక గది పరిస్థితి పెద్దగా మారదు.

3. ఖర్చు లేని సవరణలు

చెక్క తలుపు సిగ్నల్‌ను కొద్దిగానే తగ్గిస్తుంది. ఇటుక గోడ అంతకన్నా ఎక్కువగా, కాంక్రీట్ బ్లాకుల గోడ, స్లాబు మరింత ఎక్కువగా తగ్గిస్తాయి. లోహం దాదాపు పూర్తిగా అడ్డుకుంటుంది. కాబట్టి రౌటర్‌ను బీరువా వెనుక, ఫ్రిజ్ పక్కన, పెద్ద అద్దం వెనుక, టీవీ షోకేసు లోపల, అటక మీద ఉంచకూడదు. ఛాతీ ఎత్తులో, తెరచిన చోట, వీలైనంతవరకు ఇంటి మధ్యభాగంలో ఉంచాలి. యాంటెనాలున్న రౌటర్‌కు వాటిని నిటారుగా నిలపాలి. సిగ్నల్ యాంటెనా చుట్టూ పక్కలకు ఎక్కువగా వ్యాపిస్తుంది.

ఫైబర్ తీగను స్వయంగా లాగి వంచరాదు. దానిలో ఉన్నది సన్నని గాజుపోగు, విరిగితే కనెక్షన్ ఆగిపోతుంది. చోటు మార్చాలంటే కంపెనీ టెక్నీషియన్‌ను పిలవాలి.

2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ గోడలను మెరుగ్గా దాటుతుంది, కాని వేగం తక్కువ. ఇరుగుపొరుగు రౌటర్లు, మైక్రోవేవ్ ఓవెన్ దానికి ఆటంకం కలిగిస్తాయి. ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉన్న వీధుల్లో ఈ బ్యాండ్‌ను 1, 6, 11 ఛానెళ్ళలో తక్కువ రద్దీ ఉన్నదానికి మార్చితే ప్రయోజనం ఉంటుంది. 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్ వేగం ఎక్కువ, వ్యాప్తి తక్కువ. ఈ మార్పులన్నీ చేసి మళ్ళీ కొలవండి. వెనుక గదిలో 6 ఉన్న అంకె 25 అయితే ఇంటర్వ్యూకు అది చాలు, డబ్బు మిగిలినట్లే.

4. మెష్ స్వరూపం

మెష్ అంటే వల. ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్‌తో రెండు లేదా అంతకన్నా ఎక్కువ పెట్టెలు కలిసి ఇంటిని కప్పుతాయి. ప్రధాన పెట్టె ఇంటర్నెట్‌ను అందుకుంటుంది, అనుబంధ పెట్టె దానిని ముందుకు చేరవేస్తుంది. మీరు గది మారినప్పుడు ఫోను దగ్గరి పెట్టెకు మారుతుంది. ఈ మార్పును చివరకు నిర్ణయించేది ఫోనే కనుక కొన్ని పాత ఫోన్లు దూరపు పెట్టెనే పట్టుకుని ఉంటాయి. అప్పుడు ఫోనులో వై-ఫై ఒకసారి ఆపి తిరిగి ప్రారంభిస్తే సరిపోతుంది.

రెండు పెట్టెల మధ్య దారిని బ్యాక్‌హాల్ అంటారు. మెష్ నాణ్యత ప్రధానంగా దీనిపైనే ఆధారపడుతుంది. కేబుల్ దారి అన్నిటికన్నా ఉత్తమం. కేబుల్ లేనప్పుడు అనుబంధ పెట్టె ఒకే బ్యాండ్ మీద అందుకోవడం, అందించడం రెండూ చేయవలసివస్తే వేగం సుమారు సగానికి తగ్గుతుంది. చవక రిపీటర్లలో కనిపించే లోపం ఇదే. మూడు బ్యాండ్ల మెష్‌లో ఒక బ్యాండ్‌ను ఈ దారికే కేటాయించవచ్చు.

5. ఎంపికలో చూడవలసినవి

సంఖ్య: సుమారు వెయ్యి చదరపు అడుగుల లోపు ఒకే అంతస్తు ఇంటికి సాధారణంగా రెండు పెట్టెలు చాలు. మూడవది అంతస్తులు ఉన్నప్పుడే ఆలోచించాలి. అట్టపెట్టె మీద రాసిన విస్తీర్ణాన్ని గోడలు లేని స్థలానికి వర్తించే అంచనాగా భావించాలి.

వేగం: 'ఏసీ 1200' అన్న అంకె రెండు బ్యాండ్ల గరిష్ఠాలైన 300, 867లను కలిపి, పైకి సవరించినది. ఏ ఫోనుకూ 1200 అందదు.

పోర్టులు: కేబుల్ పెట్టే పోర్టు గిగాబిట్‌దా, 100 మెగాబిట్లదా అని తప్పక అడగండి. 200 మెగాబిట్ల ప్లాన్‌కు 100 మెగాబిట్ల పోర్టు ఉన్న పెట్టెను కలిపితే సగం వేగం పోర్టు దగ్గరే ఆగిపోతుంది.

తరం: సాధారణ కుటుంబానికి వై-ఫై 6 సరిపోతుంది. వై-ఫై 7 ప్రయోజనాలు పూర్తిగా దక్కాలంటే ఫోన్లు, కంప్యూటర్లు కూడా దానికి అనువైనవై ఉండాలి.

పొందిక: వేర్వేరు కంపెనీల మెష్ పెట్టెలు సాధారణంగా కలిసి పనిచేయవు. తరువాత మరొక పెట్టెను చేర్చుకునే వీలుందో లేదో కొనేముందే విచారించండి.

విదేశాల నుంచి వచ్చినవి: అమెరికాలోని బంధువులు తెచ్చిన పరికరమైతే అడాప్టర్ మీద 100–240 వోల్టులు అని ఉన్నదీ లేనిదీ చూడండి. 120 వోల్టులు మాత్రమే రాసి ఉంటే మన ప్లగ్‌లో పెట్టరాదు. ఇక్కడ దానికి వారంటీ వర్తించకపోవచ్చు, రేడియో సెట్టింగులు కూడా ఆ దేశానివే ఉండవచ్చు.

6. అమరిక క్రమం

మొదట, కంపెనీ ఇచ్చిన యూజర్ పేరు, పాస్‌వర్డ్ ఉంటే వాటిని రాసి దగ్గర పెట్టుకోండి. ఫైబర్ పెట్టెలోని ల్యాన్ పోర్టు నుంచి ప్రధాన మెష్ పెట్టెలోని వ్యాన్ పోర్టుకు కేబుల్ కలపండి. వ్యాన్ అంటే బయటి నుంచి ఇంటర్నెట్ వచ్చే ద్వారం, ల్యాన్ అంటే ఇంటిలోని పరికరాలకు వెళ్ళే ద్వారం.

రెండవది, తయారీదారు యాప్‌లో సూచనలను అనుసరించి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయండి. పాత వై-ఫై పేరునూ పాస్‌వర్డ్‌నూ కొత్తదానికీ ఇస్తే టీవీ, ఫోన్లు సాధారణంగా మళ్ళీ అడగకుండానే కలుస్తాయి. పాత పాస్‌వర్డ్ ఇంటి బయటివారికి తెలిసి ఉంటే మాత్రం మార్చడమే మంచిది.

మూడవది, ఫైబర్ పెట్టె కూడా రౌటర్ అయితే ఒకదాని వెనుక మరొక రౌటర్ పనిచేస్తున్నట్లవుతుంది. దీనివల్ల కొన్ని ఆటలకు, బయటి నుంచి సీసీ కెమెరా చూడటానికి, ఒక్కొక్కసారి కార్యాలయపు వీపీఎన్‌కు ఆటంకం కలుగుతుంది. మెష్‌ను యాక్సెస్ పాయింట్ పద్ధతిలో పెట్టండి, లేదా ఫైబర్ పెట్టెను బ్రిడ్జ్ పద్ధతికి మార్చమని కంపెనీని కోరండి. పాత వై-ఫైని ఆపివేయండి.

నాలుగవది, అనుబంధ పెట్టెను మొదట ప్రధాన పెట్టె పక్కనే ఉంచి జతచేయండి. ఆ తరువాతే దాని చోటుకు తీసుకువెళ్ళండి.

అయిదవది, అత్యంత ముఖ్యమైనది: అనుబంధ పెట్టెను సిగ్నల్ లేని గదిలో పెట్టకండి. తనకే అందని సిగ్నల్‌ను అది ఇతరులకు పంచలేదు. మన ఉదాహరణలో దాని చోటు వెనుక పడకగది కాదు, వంటగది దగ్గరి నడవ. ప్రధాన పెట్టె నుంచి మైనస్ 60, 65 ప్రాంతంలో సిగ్నల్ అందే చోటు అనువైనది. కేబుల్‌తో కలిపితే మాత్రం ఈ నియమం వర్తించదు. అప్పుడు నేరుగా వెనుక గదిలోనే పెట్టవచ్చు.

ఆరవది, మొదట కొలిచిన చోట్లలోనే మళ్ళీ కొలవండి. పెట్టె చోటును రెండు మూడు అడుగులు జరిపి చూడండి. అప్పటికీ మార్పు లేకపోతే తిరిగి ఇచ్చే గడువులోగా దుకాణానికి ఇచ్చివేయండి. న్యాయం జరగకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయవచ్చు.

7. అద్దె ఇంటివారికి

యజమాని అనుమతి లేకుండా గోడకు రంధ్రం చేయరాదు. గోడ అడుగు అంచు వెంట, తలుపు చట్రం పక్కగా బల్లపరుపు కేబుల్‌ను క్లిప్పులతో నడిపించవచ్చు. కంపెనీ ఇచ్చిన పెట్టె కంపెనీదే. ఇల్లు మారేటప్పుడు దానిని అప్పగించి రసీదు తీసుకోవాలి, డిపాజిట్ చెల్లించి ఉంటే తిరిగి అడగాలి. మెష్ పెట్టెలు మీవి, కొత్త ఇంటికి వెంట వస్తాయి. అయితే కొత్త ఇంటి గోడలు వేరు కనుక అక్కడ మళ్ళీ కొలవవలసిందే.

కరెంటు పోయినప్పుడు ఫైబర్ పెట్టె, ప్రధాన పెట్టె, అనుబంధ పెట్టె మూడింటికీ విద్యుత్తు ఉండాలి. రౌటర్లకు వాడే చిన్న యూపీఎస్ కొనేముందు వోల్టులు, ఆంపియర్లు సరిపోలుతున్నాయో చూడాలి.

8. భద్రత, బాధ్యత

డబ్ల్యూపీఏ3 ఉంటే దానినే ఎంచుకోండి, పాత పరికరాలు కలవకపోతే డబ్ల్యూపీఏ2 వాడండి. సెట్టింగులు తెరిచే పాస్‌వర్డ్, వై-ఫై పాస్‌వర్డ్ వేర్వేరుగా ఉండాలి. బంధుమిత్రులకు అతిథి నెట్‌వర్క్ ఇవ్వండి. పై వాటా, కింది వాటా కుటుంబాలు ఒకే కనెక్షన్‌ను పంచుకోవడం మన వీధుల్లో తరచుగా కనిపిస్తుంది. ఆ కనెక్షన్ ద్వారా ఏదైనా నేరం జరిగితే, అది ఎవరి పేరున ఉన్నదో వారినే ముందుగా ప్రశ్నిస్తారని మరువరాదు. వేగం పెంచుతామంటూ ఫోన్ చేసి ఓటీపీ అడిగేవారికి, ఏదో యాప్ వేసుకోమనేవారికి లొంగకండి. డబ్బు పోతే వెంటనే 1930కు తెలియజేయండి.

పాత రౌటర్‌ను పారవేసేముందు రీసెట్ చేసి అందులోని వివరాలను తుడిచివేయండి. దానిని పొడిచెత్తలో కలపకండి. అది ఇ-వ్యర్థం, విడిగా సేకరణ కేంద్రానికి ఇవ్వాలి.

అభ్యాసం

1. మీ ఇంటి నమూనా గీసి, ప్రతి గదిలోనూ ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి వేగాన్ని నమోదు చేయండి.
2. లోపం గుమ్మం బయట ఉన్నదా, లోపల ఉన్నదా? ఏ అంకెలను బట్టి ఆ నిర్ణయానికి వచ్చారు?
3. రౌటర్ చోటు మార్చిన తరువాత ఏ గదిలో ఎంత మార్పు వచ్చింది?
4. మీ ఇంటిలో అనుబంధ పెట్టెకు తగిన చోటు ఏది? కారణం రాయండి.

ఈ నాలుగు జవాబులున్న కాగితాన్ని దుకాణానికి వెంట తీసుకువెళ్ళండి. ఏమి కొనాలో అది చెబుతుంది. ఏమీ కొననవసరం లేకపోతే ఆ సంగతీ అదే చెబుతుంది.