పాదొవా వెళ్ళే అమ్మాయికి



ఇటలీలోని పాదొవా యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు వచ్చిందని తెలిసి ఇంటిల్లిపాదీ సంతోషించాం. 1222లో మొదలైన విశ్వవిద్యాలయం అది, గెలీలియో పాఠాలు చెప్పిన చోటు.

చదువంతా ఇంగ్లీషులోనే కదా, ఇటాలియన్ కోర్సుకు డబ్బు తగలెయ్యడం ఎందుకని గుడివాడలో మీ నాన్న అంటున్నాడట. వాడికి నా మాటగా చెప్పు, అవసరమే. ఇంగ్లీషు క్లాసు గది వరకే. దిగిన 8 పని దినాల్లోగా నివాస అనుమతికి పోస్టాఫీసులో దరఖాస్తు పెట్టాలి. తరవాత వేలిముద్రలకు పోలీసు కార్యాలయం వాళ్ళు పిలుస్తారు. అద్దె కాగితం మీద సంతకం, మందుల షాపు, ఇంటాయనతో నీళ్ళ పైపు తగాదా, ఇవన్నీ ఇటాలియన్‌లోనే. జ్వరంతో ఉన్న పిల్ల ఎక్కడ నొప్పో చెప్పుకోలేకపోతే ఇక్కడ మాకు నిద్ర పట్టదు.

నువ్వు పంపిన మూడు కోర్సుల వివరాలూ చదివాను. మూడు నెలల్లో బి1 (మధ్య స్థాయి) గ్యారంటీ అన్నవాళ్ళను పక్కన పెట్టు. బి1కి మూడు నాలుగు వందల గంటల బోధన కావాలి. మొదటి మెట్టయిన ఎ1కే వంద గంటల దాకా పడుతుంది. ఫోన్ యాప్ మాటలు గుర్తుండటానికి పనికొస్తుంది, ఉంచుకో. కానీ నువ్వు తప్పు పలికితే ఆపి, మళ్ళీ పలికించే మనిషి కావాలి. అందుకే ఐదారుగురికి ఆన్‌లైన్లో చెప్పే ఆ టీచరమ్మ దగ్గర చేరమంటాను. ఆవిడ ఎ1 తప్ప ఇంకేమీ వాగ్దానం చెయ్యలేదు. అదే నాకు నచ్చింది.

ఒక్క సంగతి మాత్రం జాగ్రత్త. ఇంగ్లీషు మీదుగా ఇటాలియన్ నేర్చుకోకు, తెలుగు చెవితో విను. వాళ్ళ త, ద మన త, ద లాంటివే. ఇంగ్లీషు అక్షరాలు చూసి టొరినో, పడువా అంటాం. అక్కడివాళ్ళు తొరీనో, పాదొవా అంటారు. గుడికీ గుడ్డికీ తేడా తెలిసిన నోరు నీది. అక్కడ పాల అంటే మట్టి తీసే పార, పల్ల అంటే బంతి. ఆ ఒత్తు దగ్గర ఇంగ్లీషువాళ్ళు తడబడతారు, నీకు ఆ కష్టం లేదు. ‘వచ్చాను’ అంటే ‘నేను’ అని వేరే చెప్పనక్కర్లేదు కదా, వాళ్ళ క్రియలూ అంతే. పెద్దవాళ్ళను ‘లేయి’ అని, స్నేహితులను ‘తు’ అని పిలవడం మీరు, నువ్వు లాంటిదే. ఇది మొదటి వారంలోనే నేర్పమని టీచరును అడుగు. ఆఫీసులో పెద్దాయన్ని ‘తు’ అంటే బాగుండదు. ఇక నామవాచకాల లింగాలు, అవి కంఠతా పట్టాల్సిందే. ఏ వస్తువుకు ఏ లింగం ఎందుకని అడిగి ప్రయోజనం లేదు.

సర్టిఫికెట్ గురించి కంగారు పడకు. సియెనా వాళ్ళ చిల్స్, పెరూజా వాళ్ళ చెలి, దాంతే అలిగియేరి సంఘం వాళ్ళ ప్లిదా, రోమా త్రె యూనివర్సిటీ పరీక్ష, ఈ నాలుగింటికీ అక్కడ గుర్తింపు ఉంది. దీర్ఘకాల నివాసానికి ఎ2, 2018 నుంచి పౌరసత్వానికి బి1 అడుగుతున్నారు. అవన్నీ తరవాతి సంగతులు. వెళ్ళాక యూనివర్సిటీ భాషా కేంద్రంలో, లేదా సి.పి.ఐ.ఎ. అనే ప్రభుత్వ వయోజన విద్యా కేంద్రంలో ఎ2 కొనసాగించు.

మన డెల్టాకు ఇటాలియన్లు కొత్త కాదు. మిలాను మిషనరీలు 1855లోనే హైదరాబాదు వచ్చారు. ఆ బాటలో బెజవాడ వచ్చి, 1924లో గుణదలలో మరియమాత విగ్రహం నిలిపిన ఫాదర్ ఆర్లాటి కూడా ఇటలీ మనిషే. అలా వచ్చినవాళ్ళు తెలుగు నేర్చుకుని మన పల్లెల్లో జీవితాలు గడిపారు. అవనిగడ్డ, నాగాయలంక వైపు పెద్దవాళ్ళను అడుగు, అలాంటి ఫాదర్ల తెలుగు గురించి ప్రేమగా చెబుతారు. తప్పుల్లేని తెలుగు అని కాదు, మనసుపెట్టి మాట్లాడేవారని.

ఈ వారమే ఆ టీచరమ్మ దగ్గర ఒక నమూనా క్లాసు విను. నీ చేత ఎంతసేపు మాట్లాడించిందో గమనించు. సగం సేపైనా నీ గొంతు వినపడితే ఫీజు కట్టెయ్. మొదటి నెల డబ్బు నేను పంపుతాను, నాన్నతో ఆ మాట చెప్పు.

పెదనాన్న
మచిలీపట్నం