కారులో పసిబిడ్డ ప్రయాణం: తల్లిదండ్రులకు ఒక పాఠం



మన ప్రసూతి వార్డు ముందు తరచుగా కనిపించే దృశ్యం ఇది. పురుడు క్షేమంగా జరిగింది. డిశ్చార్జి కాగితాలు చేతికి వచ్చాయి. ఇంటి నుండి మెత్తని పొత్తిగుడ్డలు, ఊలు టోపీ, దోమతెర అన్నీ వచ్చాయి. తండ్రి కారు తెచ్చి గుమ్మం ముందు నిలిపాడు. "వెనక కుదుపులు ఎక్కువమ్మా, బాలింతవు, నువ్వు ముందు కూర్చో" అన్నారు అత్తగారు. తల్లి ముందు సీట్లో కూర్చుంది. మూడు రోజుల బిడ్డను ఆమె ఒడిలో పెట్టారు. అందరూ చెయ్యి ఊపారు. బండి కదిలింది.

వీరిలో ఎవరి ప్రేమలోనూ లోపం లేదు. అయినా ఆ బండిలో అందరికంటే బలహీనమైన ప్రాణం అన్నిటికంటే అపాయకరమైన చోట ఉంది. బిడ్డ ఎక్కడ కూర్చోవాలి, ఎలాంటి సీటు కొనాలి, దాన్ని కారులో ఎలా బిగించాలి అనే సంగతులను ఈ పాఠంలో నేర్చుకుందాం.

ఒడి ఎందుకు చాలదు?

కారు వెళ్తున్నంతసేపు అందులో ఉన్న మనమూ అదే వేగంతో వెళ్తుంటాం. కారు దేనికైనా గుద్దుకొని ఆగినప్పుడు, మనల్ని ఏదో ఒకటి పట్టి ఆపేవరకు మనం ముందుకు పోతూనే ఉంటాం. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో తగిలే దెబ్బ, సుమారు 10 మీటర్ల ఎత్తు నుండి, అంటే దాదాపు మూడో అంతస్తు నుండి కింద పడిన దెబ్బతో సమానం. ఆ వేగంలో ఉన్న కారు సెకనులో పదో వంతు కాలంలో ఆగిందనుకోండి. పది కిలోల బిడ్డను పట్టి ఉంచడానికి సుమారు 140 కిలోల బరువును ఎత్తేంత బలం కావాలి. ఏ తల్లి చేతులకూ అంత బలం ఉండదు. తల్లి బెల్టు పెట్టుకోకపోతే ఆమె బరువు కూడా బిడ్డ మీదనే పడుతుంది. ఇద్దరికీ కలిపి ఒకే బెల్టు పెట్టినా ఫలితం అదే.

"దిల్‌సుఖ్‌నగర్ ట్రాఫిక్‌లో బండి ఇరవై దాటదు కదా" అని కొందరు అంటారు. చైతన్యపురి, కొత్తపేట దాటేవరకు చాలా రోజులు అది నిజమే. కాని ఎల్.బి.నగర్ కూడలిలో ఫ్లైఓవర్లు, అండర్‌పాస్‌లు వచ్చాక బండ్లు ఆగకుండా వెళ్లిపోతున్నాయి. వనస్థలిపురం, హయత్‌నగర్ దాటితే విజయవాడ జాతీయ రహదారి. పండుగకు సూర్యాపేట, ఖమ్మం, విజయవాడ వెళ్లే కుటుంబాలు ఎక్కేది ఆ దారే. అక్కడ 80 కిలోమీటర్లు మామూలు వేగం. ఆ వేగంలో దెబ్బ 25 మీటర్ల ఎత్తు నుండి, అంటే ఎనిమిదో అంతస్తు నుండి పడినట్టు. దారి మారింది, వేగం మారింది. బిడ్డ మాత్రం అదే ఒడిలో ఉంది.

ఎయిర్‌బ్యాగ్ ఎదుట బిడ్డ

2024 సెప్టెంబరులో కేరళలోని మలప్పురం జిల్లాలో ఒక కారు ట్యాంకర్ లారీని ఢీకొన్నది. ముందు సీట్లో తల్లి ఒడిలో ఉన్న రెండేళ్ల పాప, తెరుచుకున్న ఎయిర్‌బ్యాగ్ తాకిడికి మరణించింది. కారులోని మిగతావారు ప్రాణాలతో బయటపడ్డారు.

ఎయిర్‌బ్యాగ్ పెద్దవారి ప్రాణం కాపాడే సాధనమే. అది బెల్టు పెట్టుకొని వెనక్కి ఆనుకొని కూర్చున్న పెద్ద మనిషి కోసం చేసినది. రెప్పపాటు కంటే వేగంగా ఉబ్బుతుంది. ఒడిలో ఉన్న బిడ్డ తల సరిగ్గా దాని ఎదుటనే ఉంటుంది. ఇప్పుడు వస్తున్న కొత్త కార్లన్నింటిలో ముందు ప్రయాణికుడి వైపు కూడా ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. కాబట్టి పిల్లల చోటు వెనక సీటే. వెనక్కి తిరిగి ఉండే పసిబిడ్డ సీటును ఎయిర్‌బ్యాగ్ పనిచేసే ముందు సీట్లో ఎన్నడూ పెట్టకూడదు.

చట్టం ఏమి చెబుతుంది?

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 194బి సెక్షన్ ప్రకారం, 14 ఏళ్లు నిండని పిల్లలకు సీటు బెల్టు గాని, పిల్లల సీటు గాని లేకుండా బండి నడిపితే వెయ్యి రూపాయల జరిమానా. అయితే జరిమానా భయం కోసం కాక బిడ్డ కోసం ఈ పని చేద్దాం. సీటు సరిగా వాడితే ప్రమాదాల్లో శిశు మరణాలు సుమారు 70 శాతం తగ్గుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఏ వయసుకు ఏ సీటు?

వయసు కంటే బరువు, ఎత్తు ముఖ్యం. టీకాల కార్డులో బిడ్డ బరువు రాసి ఉంటుంది. దుకాణానికి వెళ్లేటప్పుడు ఆ కార్డు వెంట తీసుకువెళ్లండి.

మొదటి మెట్టు: పుట్టిన రోజు నుండి సుమారు 13 కిలోల వరకు. బిడ్డ ముఖం కారు వెనక అద్దం వైపు ఉండే సీటు. పసిబిడ్డ పొడవులో దాదాపు నాలుగో వంతు తలే. మెడ ఎముకలు ఇంకా గట్టిపడి ఉండవు. ముఖం ముందుకు ఉంటే ఢీకొన్నప్పుడు బరువైన తల విసురుగా ముందుకు వంగి, లేత మెడ మీద భారమంతా పడుతుంది. వెనక్కి తిరిగి ఉంటే ఆ తాకిడి వీపు అంతటా పరచుకుంటుంది. ఏడాది నిండగానే సీటు తిప్పేయడం చాలామంది చేసే పొరపాటు. కొత్త అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కనీసం 15 నెలల వరకు తిప్పకూడదు. సీటు అనుమతించే బరువు, ఎత్తు దాటేవరకు అలాగే ఉంచితే మరీ మంచిది.

రెండో మెట్టు: సుమారు 18 కిలోల వరకు. ముఖం ముందుకు ఉండి, రెండు భుజాలు, రెండు తుంట్లు, కాళ్ల మధ్య కలిపి ఐదు చోట్ల పట్టే పట్టీల సీటు. ఈ రకం కొన్ని 9 కిలోల నుండి పనికివస్తాయని రాసి ఉంటుంది. అయినా మొదటి మెట్టు సీటు సరిపోతున్నంత కాలం తొందరపడవద్దు.

మూడో మెట్టు: 15 నుండి 36 కిలోల వరకు. దీన్ని బూస్టర్ అంటారు. ఇది బిడ్డను ఎత్తులో కూర్చోబెట్టి, కారు బెల్టు సరైన చోట ఆనేలా చేస్తుంది.

బూస్టర్ ఎప్పుడు మానాలి? బిడ్డ వీపు సీటుకు పూర్తిగా ఆనాలి. మోకాళ్లు సీటు అంచు దగ్గర వంగాలి. కింది బెల్టు పొట్ట మీద కాకుండా తుంటి ఎముకల మీద ఉండాలి. పై బెల్టు మెడకు రాసుకోకుండా భుజం మధ్యగా పోవాలి. ఈ నాలుగూ సాధారణంగా 145 నుండి 150 సెంటీమీటర్ల ఎత్తు వచ్చాకే కుదురుతాయి. అంటే పది, పన్నెండేళ్ల పిల్లల్లో కూడా కొందరికి బూస్టర్ అవసరమే.

కొనేముందు చూడవలసినవి

1. ముందుగా మీ కారు చూడండి. వెనక సీటు వీపు, కూర్చునే భాగం కలిసే సందులో వేళ్లు పెట్టి చూస్తే రెండు ఇనుప కొక్కేలు తగులుతాయేమో గమనించండి. వీటిని ఐసోఫిక్స్ అంటారు. ఇటీవలి చాలా కార్లలో ఉంటాయి. లేకపోతే కారు బెల్టుతో బిగించే సీటు తీసుకోండి. సరిగా బిగిస్తే అదీ మంచిదే.

2. సీటు మీద నాణ్యత ముద్ర చూడండి. నారింజ రంగు చీటీ మీద ఆర్ 44 లేక ఆర్ 129 అని ఉంటుంది. మన దేశపు ప్రమాణం ఏఐఎస్ 072. ఏ ముద్రా లేని మెత్తని కుషన్లు, తొట్టెల వంటి బుట్టలు కారుకు పనికిరావు.

3. దుకాణదారుని అడిగి మీ కారులోనే పెట్టి చూడండి. బెల్టు పొడవు చాలకపోవడం తరచుగా జరుగుతుంది.

4. పాత సీటు తీసుకునేటప్పుడు దాని చరిత్ర తెలిసి ఉండాలి. ఒకసారి ప్రమాదంలో ఉన్న సీటు పైకి బాగానే కనిపించినా వాడరాదు. పగుళ్లు, గడువు తేదీ చూడండి.

5. అమెరికా నుండి బంధువులు తెచ్చే సీట్లు అక్కడి బెల్టులకు తగినట్టు చేసినవి. అక్కడి బెల్టులు బిగించాక లాక్ అవుతాయి. ఇక్కడి చాలా కార్లలో అలా ఉండదు. సీటుతో వచ్చిన పుస్తకం చదివి, మీ కారులో గట్టిగా నిలుస్తుందని తేలాకే వాడండి.

6. కారు కొనబోతున్నవారు భారత్ ఎన్‌క్యాప్ నక్షత్రాలు చూడండి. 2023 అక్టోబరు నుండి అమలులో ఉన్న ఈ పరీక్షలో పిల్లల రక్షణకు విడిగా నక్షత్రాలు ఇస్తారు.

ఎక్కువ ఖరీదు ఉంటేనే ఎక్కువ రక్షణ అనుకోనవసరం లేదు. మీ బిడ్డకు, మీ కారుకు సరిపడి, ప్రతిసారీ సరిగా బిగించగలిగినదే మంచి సీటు.

బిగించే పద్ధతి

ఈ పని బిడ్డ పుట్టకముందే, ఒక సెలవు రోజున తీరికగా చేయండి. కారు పుస్తకం, సీటు పుస్తకం రెండూ దగ్గర పెట్టుకోండి.

1. చోటు ఎంచుకోండి. వెనక మధ్య సీటుకు భుజం మీదుగా వచ్చే పూర్తి బెల్టు ఉండి, సీటు అక్కడ కదలకుండా కూర్చుంటే అది మంచి చోటు. కుదరకపోతే ఎడమ వైపు పెట్టండి. రోడ్డు అంచు వైపు నుండి బిడ్డను దించవచ్చు.

2. సీటు కింద దుప్పటి, దిండు వేయకండి.

3. బెల్టును గుర్తులున్న దారిలోనే పోనివ్వండి. చాలా సీట్ల మీద వెనక్కి తిరిగి ఉండే పద్ధతికి నీలం గుర్తులు, ముందుకు తిరిగి ఉండే పద్ధతికి ఎరుపు గుర్తులు ఉంటాయి. మెలికలు లేకుండా చూడండి.

4. చేత్తో గాని మోకాలితో గాని సీటును బాగా అదిమి, బెల్టులోని వదులంతా లాగి బిగించండి. ఐసోఫిక్స్ అయితే రెండు వైపులా 'టక్' మని శబ్దం రావాలి. పై పట్టీ గాని, నేల మీద ఆనే కాలు గాని ఉంటే దాన్నీ అమర్చండి.

5. బెల్టు పోయే చోట పట్టుకొని అటూ ఇటూ ఊపండి. ఒక అంగుళం కంటే ఎక్కువ కదిలితే మళ్లీ బిగించండి.

6. పసిబిడ్డ సీటు తగినంత వాలుగా ఉండాలి. గడ్డం ఛాతీ మీదికి వాలిపోతే ఊపిరికి అడ్డం వస్తుంది.

7. బిడ్డను కూర్చోబెట్టాక పట్టీలు బిగించి, భుజం దగ్గర పట్టీని రెండు వేళ్లతో మడతగా పట్టుకోవడానికి ప్రయత్నించండి. మడత చేతికి వస్తే ఇంకా వదులుగా ఉన్నట్టు. మందపాటి స్వెట్టరు, చుట్టిన పొత్తిళ్లు తీసేసి పట్టీలు వేయండి. చలిగా ఉంటే పట్టీల పైన దుప్పటి కప్పండి.

మన ఎండాకాలంలో బకిల్, పట్టీలు కాలిపోతాయి. బండి ఆపి ఉంచినప్పుడు సీటు మీద తెల్ల గుడ్డ కప్పండి, కూర్చోబెట్టే ముందు చేత్తో తాకి చూడండి. ఆపిన కారులో బిడ్డను ఒక్క నిమిషమైనా ఒంటరిగా వదలకండి. దూర ప్రయాణంలో రెండు గంటలకు ఒకసారైనా, నెలల బిడ్డ అయితే ఇంకా త్వరగా, ఆగి బిడ్డను బయటికి తీయండి. ఇల్లు చేరాక సీట్లోనే నిద్రపోనివ్వకండి. నెలలు నిండకుండా పుట్టినవారు, బరువు తక్కువ ఉన్నవారు ప్రయాణానికి ముందు డాక్టరు సలహా అడగాలి.

మమ్మల్ని అడిగే ప్రశ్నలు

బిడ్డ సీట్లో ఉంచితే ఏడుస్తుంది. ఏం చేయాలి?
మొదటి రోజు నుండే అలవాటు చేయండి. కొంచెం పెద్ద పిల్లలైతే సీటును నాలుగు రోజులు ఇంట్లో పెట్టి ఆడుకోనివ్వండి. ఏడుపు ఆగకపోతే బండి పక్కకు ఆపి, ఎత్తుకొని, పాలిచ్చి, మళ్లీ కూర్చోబెట్టండి. కదిలే బండిలో మాత్రం పట్టీలు విప్పకండి.

నాయనమ్మ, అమ్మమ్మ ఒప్పుకోరు. ఎలా చెప్పాలి?
వారితో వాదన వద్దు. బిడ్డ పక్క సీటు వారికే ఇవ్వండి. చెయ్యి పట్టుకోవచ్చు, కబుర్లు చెప్పవచ్చు. పెద్దలకు మా మనవి కూడా ఒకటి: మీరు వెనక సీట్లో బెల్టు పెట్టుకోండి. మిమ్మల్ని చూసి మనవలు నేర్చుకుంటారు.

ఐదుగురి కారులో ఏడుగురం వెళ్తాం. సీటుకు చోటెక్కడ?
ఉన్న బెల్టులకు మించి మనుషులను ఎక్కించడమే అసలు ప్రమాదం. పెద్దవారిలో ఇద్దరు బస్సులో గాని మెట్రోలో గాని రావచ్చు. పసిబిడ్డకు ఆ ఎంపిక లేదు.

మాకు కారు లేదు, బైకే ఉంది.
2022లో కేంద్రం చేసిన నిబంధన 2023 ఫిబ్రవరి నుండి అమలులో ఉంది. నాలుగేళ్లలోపు బిడ్డను నడిపేవారి భుజాలకు తగిలించే పట్టీల జాకెట్‌తో కట్టుకోవాలి. తొమ్మిది నెలలు దాటినవారికి తలకు సరిపోయే హెల్మెట్ ఉండాలి. వేగం 40 కిలోమీటర్లు మించకూడదు. నాలుగేళ్లు దాటిన పిల్లలకూ హెల్మెట్ తప్పనిసరి. పసిబిడ్డకు మాత్రం బైకు వద్దనే చెబుతాం. మన ప్రాంతానికి 2018 సెప్టెంబరులో మెట్రో వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ స్టేషన్లు దగ్గర ఉన్నవారు దాన్ని వాడుకోండి. టాక్సీ పిలిచినప్పుడు బెల్టుతో బిగించే సీటును వెంట తీసుకువెళ్లవచ్చు.

మీరే సరిచూసుకోండి

1. మీ బిడ్డ ఇప్పుడు ఎన్ని కిలోలు? ఏ మెట్టులో ఉంది?
2. మీ కారు వెనక సీట్లో ఎన్ని బెల్టులు పనిచేస్తున్నాయి? ఏవైనా సీటు కవరు కింద దూరిపోయాయా?
3. మీ సీటును ఊపితే అంగుళం కంటే ఎక్కువ కదులుతోందా?
4. కిందటి ప్రయాణంలో మీ పిల్లలు ఎక్కడ కూర్చున్నారు?

ఈ ఆదివారం బండి తీసే ముందు ఐదు నిమిషాలు కేటాయించి ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చూడండి. పురుడు దగ్గరపడినవారు బిడ్డ బట్టల జాబితాలో అన్నిటికంటే పైన ఈ సీటును రాసుకోండి. బిడ్డ జీవితంలో మొదటి కారు ప్రయాణం మన ఆసుపత్రి గుమ్మం నుండి మొదలవుతుంది. అది వెనక సీట్లో, తన సొంత సీట్లో, గట్టిగా కట్టిన పట్టీలతో మొదలుకావాలని మా కోరిక.